బిందె నీళ్ళు తెచ్చేంతసేపు

“మ్మే ఆదెమ్మా, బిందె నీళ్ళు తెచ్చేంతసేపే కదా మూతపెట్టి ఉంచింది?”

“అంతసేపే అత్తా, నువ్వు చెప్పినట్లే. తిను.”

ఓబులమ్మత్తకూ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. సగం గుడ్డు తిని, మిగతా సగం నా చేతిలో పెట్టి, గోడవైపు తిరిగి పడుకుంది. తెల్లారి లేవలేదు. ఆమె నాకు చుట్టం కాదు. మా వీధిలో గొర్రెలు కాసుకునేవాళ్ళ ఇంటి పెద్ద.

రాచర్ల దగ్గర మా ఊరి అంగన్‌వాడీలో నేను ఆయాను. మా ఆయన పోయినాక దొరికిన పని. ఊడవడం, వండడం, పిల్లల ముక్కులు తుడవడం, గుడ్లు ఉడకబెట్టడం. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు సుజాత రాస్తోంది.

కరోనా రెండో ఏడాది అది. సెంటర్‌లో వండిపెట్టడం ఆపి, టేక్ హోమ్ అన్నారు. అంటే బియ్యం, పప్పు, పాలు, గుడ్లు గర్భిణుల ఇళ్ళకే ఇచ్చిరావాలి. అప్పుడు ఓబులమ్మత్త కోడలు మల్లేశ్వరికి నాలుగో నెల. నర్సమ్మ హెచ్‌బి చూసింది. ఒంట్లో రక్తం ఎంతుందో చెప్పే పరీక్ష అది. పదకొండు ఉండాల్సింది ఏడే ఉంది. “ఇట్లనే ఉంటే కాన్పు కష్టం. తల్లికే ప్రమాదం,” అని నర్సమ్మ నాతో విడిగా చెప్పింది. మల్లేశ్వరి మొగుడు మందతో నల్లమల వైపు పోయి ఉన్నాడు.

గుడ్లు ఇచ్చి వస్తున్నాను సరే, తింటున్నది ఎవరు? ఒకరోజు వాళ్ళింటికి పోతే పొయ్యి మీద గుడ్ల పులుసు. ఆరుగురికి మూడు గుడ్లు కొట్టి పోశారు. మల్లేశ్వరి కంచంలో పులుసే కనబడింది. పచ్చి గుడ్డు ఇస్తే అది ఇంటి గుడ్డు. ఉడకబెట్టి ఇస్తేనే ఒక మనిషి గుడ్డు. టీచరమ్మను అడిగి మల్లేశ్వరి గుడ్లు మా ఇంట్లోనే పెట్టుకున్నాను. పొద్దున్నే పొయ్యి మీద గిన్నె పెట్టి, వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, బర్రె కింద పేడ ఎత్తిపోసి, అప్పుడు దించి తీసుకుపోయేదాన్ని.

“ఉంచిపో పెద్దమ్మా, అన్నంలో తింటాలే,” అనేది మల్లేశ్వరి. నమ్మాను.

నెల తిరిగింది. మళ్ళీ పరీక్ష. అదే ఏడు. నాకు కడుపు మండిపోయింది. మర్నాడు గుడ్డు ఇచ్చి, పోయినట్లే పోయి, దొడ్డివైపు నుంచి తిరిగొచ్చి చూశాను. గొర్రెల దొడ్డి కాడ నిలబడి ఓబులమ్మత్త ఆ గుడ్డు ఒలుస్తోంది.

“ఏమత్తా! కడుపుతో ఉన్న పిల్ల నోటికాడిది తినేదానికి సిగ్గులేదా నీకు? ఆ పిల్ల చస్తే నువ్వు బతికి ఏం చేస్తావు?”

వీధి వీధంతా బయటికి వచ్చింది. ఆమె గుడ్డు రెండుగా చీల్చి నా ముక్కు కాడ పెట్టింది. పచ్చసొన చుట్టూ నాచు రంగు. గంధకం వాసన.

“ఇది నువ్వు తింటావా మే? వాసనకే పిల్ల కక్కుకుంటంది. పారేసేదానికి మనసు రాక కుక్కకు పెడతన్నా.”

“మరి నాకు చెప్పొద్దా?”

“చెప్తానంటే పిల్ల వద్దనింది. పెద్దమ్మ రోజూ కాళ్ళీడ్చుకుంటా వస్తంది, బాధపడతాది అనె.”

మల్లేశ్వరి తలుపు చాటున నిలబడి ఏడుస్తోంది. ఎన్నేళ్ళ నుంచో గుడ్లు ఉడకబెడుతున్నాను. ఎంత ఉడికితే అంత మంచిదనుకున్నాను.

ఓబులమ్మత్త నన్ను పొయ్యి కాడికి పిలిచింది. గుడ్లు మునిగేదాకా నీళ్ళు పోసి, రవ్వంత ఉప్పు వేసింది. నీళ్ళు బుడబుడమని తెర్లగానే కట్టెలు బయటికి లాగి, గిన్నె మీద మూత పెట్టింది.

“పో, బోరు కాడికి పోయి బిందె నీళ్ళు తే. యాడా నిలబడి మాట్లాడొద్దు.”

తెచ్చాను. మూత తీసి, వేడినీళ్ళు వంచేసి, ఆ చన్నీళ్ళే గుడ్ల మీద పోసింది. “మందలో కట్టెలు యాడ దొరుకుతాయి? తెర్లినాక మంట దండగే,” అంది. ఒలిస్తే పెంకు చొక్కా విప్పినట్లు వచ్చింది. లోపల బంతిపూవు రంగు. వాసన లేదు. ఉప్పూ కారం అద్ది ఇస్తే మల్లేశ్వరి తినింది. మేమిద్దరం దాని నోటివంకే చూశాం.

“ఇంకోటి ఉందా?” అనింది.

అత్త నవ్వింది. “ఆయా నువ్వా, నేనా మే? జీతం ఈసారి నాకు తెచ్చియ్యి.”

నర్సమ్మ ఇచ్చిన ఐరన్ మాత్రలు కూడా అప్పటినుంచే వాంతి కాకుండా ఇమిడాయి. ఏడో నెలకు తొమ్మిది. నెల నిండేసరికి పది దాటింది. గిద్దలూరు ఆసుపత్రిలో మామూలు కాన్పు, ఆడపిల్ల. ఆ పిల్ల ఇప్పుడు మా సెంటర్‌కే వస్తుంది. తనకు సొన ఇష్టం, తెల్లది పక్క పిల్లకు పెడుతుంది.

అప్పటినుంచి ఏ ఇంట్లో ఎవరు తినకపోయినా ముందు నా గిన్నె చూసుకుంటాను, తర్వాతే ఆ ఇంటివాళ్ళను అడుగుతాను. కొత్తగా చేరిన ఆయాలకూ అదే చెబుతాను.

ఒకటే మిగిలిపోయింది. తప్పు నాదేనని అత్తకు ఆ రోజే పొయ్యి కాడ చెప్పాను, చేతులు పట్టుకుని. “పోనీలే మే,” అంది. కానీ నేను అరిచింది వీధిలో. చెప్పుకున్నది పొయ్యి కాడ. అరుపు విన్నవాళ్ళెవరూ ఆ మాట వినలేదు. అందుకే ఇది రాయించాను.

ఏదీ సుజాతా, మొదటినుంచి చదువు. లోపల కాదు, వాకిట్లోకి రా. ఇంకా గట్టిగా. అత్త వాళ్ళ గడప దాకా వినబడాలి.