మా నాన్న చెప్పిన నా వాదం

మా ఇంట్లో దేవుడి గది ఉండేది కాదు. ఆ స్థానంలో వాదన ఉండేది. చారులో పులుపు ఎక్కువైందా లేదా అన్న దగ్గర్నించి పునర్జన్మ ఉందా లేదా అన్నదాకా దేన్నయినా వాదించి తేల్చుకోవలసిందే. మనసులో మాట ఊరికే చెప్పుకోవడం మాత్రం మాకెవరికీ చేతనయ్యేది కాదు.

రాజమండ్రి నుంచి ద్రాక్షారామం వెళ్ళే దారిలో, కాలవ పక్కన మా ఊరు. సెంటర్లో నాన్నకి ఎరువులు, పురుగుమందుల షాపు. మామూలు రోజుల్లో బస్తాలూ డబ్బాలూ అమ్మేవారు. ఆదివారం వస్తే హేతువాద సంఘానికి అధ్యక్షులు. బాబాల చేతుల్లోంచి విబూది ఎలా రాలుతుందో ఊరూరా చేసి చూపించేవారు. పురోహితుడూ ముహూర్తమూ లేకుండా దండల పెళ్ళిళ్ళు జరిపించేవారు. దండలు చేతికిచ్చే ముందు పెళ్ళికూతుర్నీ పెళ్ళికొడుకునీ విడివిడిగా అడిగేవారు, ఇది నీ ఇష్టమేనా అని. జవాబు చివరి వరసకి వినపడాలి. ఒకసారి ఒక అమ్మాయి తలొంచుకుని ఏదో గొణిగింది. నాన్న దండలు బల్ల మీద పెట్టేసి, పెళ్ళి ఆగిందని చెప్పేశారు. ఆ అమ్మాయి తండ్రి మళ్ళీ మా షాపు మెట్లెక్కలేదు.

అమ్మ మాత్రం ఏడాదికోసారి తునిలో అక్కని చూసొస్తానని చెప్పి అన్నవరం కొండెక్కేది. తెచ్చిన ప్రసాదాన్ని బియ్యం డబ్బాలో దాచేది. నాన్న దాన్ని వెతికి మరీ తినేవారు. “మీ అక్క భలే మనిషే. ఇంట్లో చేసిన హల్వా కూడా ఆకు పొట్లాల్లో కడుతుంది” అనేవారు. అమ్మ వినపడనట్టు ఊరుకునేది. మా ఇంట్లో వాదనకి రాకుండా బతికి బయటపడ్డది ఆ ఒక్క ప్రసాదమే.

సంఘంలో ఒక నియమం ఉండేది. పాతకాలపు పండితుల దగ్గర పనికొచ్చేది ఇదొక్కటే ఉందంటూ నాన్నే దాన్ని పెట్టారు. ఎవరి వాదాన్నయినా ఖండించాలంటే ముందు ఆ వాదాన్ని నీ నోటితో నువ్వు చెప్పాలి. ఎదుటి మనిషి లేచి “అవును, నేనన్నది ఇదే” అనేదాకా నీకు ఖండించే హక్కు లేదు. దీనికి పూర్వపక్షం అని పేరు. ఆ నియమం పుణ్యాన సంఘం హాల్లో చాలా గొడవలు మొదలవకుండానే ఆగిపోయాయి. ఎదుటివాడు ఏమన్నాడో చెప్పలేక సగం మంది కూర్చుండిపోయేవారు.

నా సంగతి నాకు ఇంటర్మీడియట్ నాటికే తెలుసు. తోటి కుర్రాళ్ళు కాలేజీ బస్సులో అమ్మాయిల గురించి మాట్లాడుకుంటుంటే నా చూపు ఆ మాట్లాడే కుర్రాళ్ళలో ఒకడి మీద ఉండేది. దానికి మా ఊళ్ళో ఉన్న మాట ఒక్కటే, తేడా. వాడు కొంచెం తేడా అండి అని నవ్వేవారు. అంతకు మించి దాని గురించి మాటే లేదు. నాన్న కూడబెట్టిన పుస్తకాల్లో వెతికాను. దేవుడు లేడని చెప్పడానికి ఒక బీరువా నిండా సరుకుంది. నా గురించి మాత్రం ఒక ఆరోగ్య సలహాల పుస్తకంలో, చెడు అలవాట్ల అధ్యాయంలో ఒక పేరా ఉంది. ఆ పేరా రాసినాయన ఏ రుజువూ చూపించలేదు. ఇదే పేరా ఏ గ్రహదోషం గురించో రాసి ఉంటే నాన్న చీల్చి చెండాడేవారు.

డిగ్రీ అయ్యాక షాపులోనే కూర్చున్నాను. వచ్చిన రైతల్లా “ఏం బాబూ, పప్పన్నం ఎప్పుడు పెడతారండి?” అని అడగడమే. సంబంధాలు రావడం మొదలైంది. మొదట్లో తప్పించుకోవడం తేలికగానే ఉండేది. ఒకరు జాతకం అడిగారు, సిద్ధాంతం ప్రకారం వద్దన్నాను. ఒకరు కట్నం మాటెత్తారు, అదీ వద్దన్నాను. నాన్న నన్ను చూసి పొంగిపోయేవారు. అప్పుడు భీమవరం దగ్గర్నించి చేపల చెరువులవాళ్ళ సంబంధం వచ్చింది. వాళ్ళు జాతకం అడగలేదు. కట్నం మాట లేదు. దండల పెళ్ళికి సరేనన్నారు. అమ్మాయి ఎమ్మెస్సీ. నా దగ్గర సాకులన్నీ అయిపోయాయి. తాంబూలాలు పుచ్చుకోవడానికి వచ్చేవారం వస్తామన్నారు.

అప్పటికి మా సినిమా దాదాపు పూర్తయింది.

అది పెద్ద సినిమా ఏం కాదు. గంటంబావు. కొత్త శతాబ్దం మొదలైన తొలి రోజులవి. నాతో చదువుకున్న స్నేహితుడొకడు పెళ్ళిళ్ళకి వీడియో కవరేజి చేసేవాడు, కెమెరా వాడిది. కథ, మాటలు నావి. వేషాలు వేసినవాళ్ళు డిగ్రీ కుర్రాళ్ళు. చిన్న ఊళ్ళో ఇద్దరు స్నేహితులు. ఒకే సైకిల్ మీద కాలేజీకి వెళ్తారు. కాలవ లాకుల గట్టు మీద కూర్చుని పకోడీలు తింటారు. ఒకడికి రెండోవాడి మీద ఉన్నది స్నేహం ఒక్కటే కాదు. అది చెప్పేలోపే రెండోవాడికి పెళ్ళి కుదురుతుంది. మొదటివాడు ఆ పెళ్ళిలో వడ్డనకి దిగుతాడు. బంతిలో కూర్చున్న ప్రతివాడూ నీ పప్పన్నం ఎప్పుడురా అని అడుగుతుంటాడు. చివర్న పెళ్ళికొడుకు విస్తరి దగ్గరికొస్తే, వాడు తలెత్తకుండా “ఇంకో బూరె వెయ్యరా” అంటాడు. వీడు వేస్తాడు. అంతే సినిమా.

ఎడిటింగు, మిక్సింగు రాజమండ్రిలో చేయించాం. అక్కడి ఆపరేటర్‌ది పగలల్లా పెళ్ళి క్యాసెట్ల పని. మేం టీ తాగి వచ్చేసరికి, లాకుల మీద ఇద్దరు కుర్రాళ్ళూ కూర్చున్న చోట తెర మీద గులాబీ రేకులు రాలుతున్నాయి. ఇదేంటండీ అంటే, జంట పక్కపక్కన కూర్చుంటే పువ్వులు వెయ్యడం మామూలే కదండీ, చెయ్యి అలవాటుగా వేసేసిందన్నాడు. తీసేయమన్నాం. తీశానన్నాడు. ఒక చోట తీసి ఇంకో చోట మర్చిపోయాడు. అది మాకు హాల్లో జనం మధ్య కూర్చుని చూసేదాకా తెలియలేదు.

సినిమాని సంఘంలో వేద్దామని నాన్నని అడిగింది నేనే. సామాజిక సమస్య మీద తీశామన్నాను. కారణం ఒకటే. భీమవరంవాళ్ళు వచ్చే లోపు నాన్నకి నేనేమిటో తెలియాలి. మా ఇంట్లో దాన్ని చెప్పే పద్ధతి నాకు ఇంకొకటి కనిపించలేదు.

ఆదివారం మధ్యాహ్నం. ధాన్యం మీద కప్పే బరకాలు కిటికీలకి కట్టి హాలు చీకటి చేశాం. టీవీ, వీసీడీ ప్లేయరు మా ఇంటివే. రోజూ వచ్చే సభ్యులతో పాటు, కొడుకు సినిమా తీశాడట అని వచ్చినవాళ్ళు కొందరు. అమ్మ వెనక గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుంది. మొదటి అరగంట ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. మన లాకులే, మన సెంటరే అని వేళ్ళు చూపించుకున్నారు. ఆ తర్వాత రెండోసారి లాకుల సీను వచ్చింది. ఒకడు నిద్రలో రెండోవాడి భుజం మీద తల వాల్చాడు. వాడు కదలకుండా కూర్చున్నాడు. పైనుంచి గులాబీ రేకులు రాలాయి. హాలు గొల్లుమంది. నవ్వు తగ్గేసరికి అందరికీ అర్థమైపోయింది. చివరి బూరె విస్తట్లో పడింది, సినిమా అయిపోయింది.

బరకాలు తీశాం. ముందు లేచింది జువాలజీ లెక్చరర్‌గా చేసి రిటైరైన పెద్దాయన. “ఇది మన వైపు లేదండి. పట్నాల్లో పుట్టే జబ్బిది. ప్రకృతి విరుద్ధం. దీని మీద చర్చ కూడా దండగ” అన్నారు. చాలామంది తలలూపారు.

నేను వ్యాసాలు రాసే మనిషినయ్యాక ఆ మాట గురించి చాలాసార్లు ఆలోచించాను. దేవుణ్ణి కుర్చీలోంచి దించేశామనుకున్నవాళ్ళం ఆ కుర్చీని ఖాళీగా ఉంచలేకపోయాం. ప్రకృతిని తెచ్చి అందులో కూర్చోబెట్టాం. శాస్త్రం ఒప్పుకోదు అని పురోహితుడంటే నవ్వినవాళ్ళు, ప్రకృతి ఒప్పుకోదు అనగానే చేతులు కట్టుకున్నారు. ఆ హాల్లో సగంమంది ముక్కుల మీద కళ్ళద్దాలున్నాయి. అధ్యక్షులవారు ప్రకృతి పంపిన పురుగుని చంపే మందు అమ్మి మమ్మల్ని పోషించారు. ప్రకృతి మాట జవదాటని మనిషి అక్కడ ఒక్కడూ లేడు.

కానీ ఆ వేళ నాకన్నా ముందు నాన్న లేచారు. చర్చ జరగాల్సిందేనన్నారు. దీన్ని తానే ఖండిస్తానన్నారు. కాబట్టి పూర్వపక్షం కూడా తానే చెబుతానన్నారు. సభలో ఆయన ఎవర్నయినా మీరనే పిలిచేవారు. ఆ వేళ నన్నూ అలాగే పిలిచారు.

“మీ సినిమా చెప్పేది ఇది. సావాసం చెడి కొందరు కుర్రాళ్ళు ఇలాంటివాటిలో పడతారు. వాళ్ళని తిట్టకుండా జాలి చూపించి మార్చుకోవాలి. అంతేనా?”

“కాదండి” అన్నాను.

నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “సరే. పుట్టుకతో కొందరికి చెయ్యి వంకరగా ఉంటుంది. అది వాళ్ళ తప్పు కాదు. ఇదీ అలాంటి లోపమే కాబట్టి వాళ్ళని వెలివెయ్యకూడదు. ఇదేనా?”

“కాదండి. లోపమని నేను అనలేదు.”

నేను అనలేదు అన్నాను. సినిమా అనలేదు అని అనలేదు. ఆ మాట హాల్లో ఎంతమందికి పట్టిందో నాకు తెలియదు. నాన్నకి పట్టింది. ఆయన నా వైపు చూసిన చూపు కొట్లో గిరాకీ పోయినప్పటిది కాదు, సభలో ఓడినప్పటిదీ కాదు. నాకు అంతకు ముందు ఆ చూపు తెలియదు. నియమం ప్రకారం ఆయన కూర్చోవచ్చు, చెప్పలేకపోయానని ఒప్పుకుని. కూర్చుంటే సినిమా మీద చర్చ అక్కడితో సరి. భీమవరంవాళ్ళు వస్తారు. లెక్చరర్‌గారు “వదిలెయ్యండి సార్” అన్నారు కూడా. నాన్న కూర్చోలేదు. బల్ల మీద గ్లాసులో నీళ్ళు తాగారు. ఈసారి నన్ను చూడకుండా, ఆగిపోయిన టీవీ వైపు చూస్తూ మాట్లాడారు.

“ఇందాక ఆ పువ్వులు రాలినప్పుడు మనందరం నవ్వామండి. నేనూ నవ్వాను. మన పిల్లల పెళ్ళి క్యాసెట్లలో అవే పువ్వులు రాలతాయి. అప్పుడు నవ్వలేదు. ఎందుకు నవ్వలేదు, ఎందుకు నవ్వాం? ఆ కుర్రాడు ఎవరిదీ లాక్కోలేదు. ఎవర్నీ మోసం చెయ్యలేదు. స్నేహితుడి పెళ్ళిలో వడ్డించాడు. వాడికి ఉన్నది కూడా ఇష్టమే. వేరే పేరు పెట్టాల్సిన పనిలేదు. మనం దండలిచ్చే ముందు అందర్నీ ఇష్టమేనా అని అడుగుతాం. వాణ్ణి మాత్రం పప్పన్నం ఎప్పుడని అడిగాం. ఇష్టమేంటని ఎవరూ అడగలేదు.” అప్పుడు నా వైపు తిరిగారు. “నేనూ అడగలేదు. ఇదేనా మీరన్నది?”

చివరి వరసకి వినపడేలా చెప్పాలని నాకు ఆయనే నేర్పారు. “అవునండి. నేనన్నది ఇదే” అన్నాను.

ఇప్పుడు ఖండించే హక్కు ఆయనకి వచ్చింది. జనం కుర్చీల్లో ముందుకి జరిగారు. నాన్న ఖండనకి వాయిదా కావాలన్నారు. నియమాల్లో ఆ వెసులుబాటు ఉంది గానీ ఆయన ఎప్పుడూ వాడుకోలేదు. వాడుకున్నవాళ్ళని వేళాకోళం చేసేవారు.

ఇంటికొచ్చాక అమ్మ ఒక్క మాటే అడిగింది. “ఏమండీ, భీమవరం వాళ్ళకి ఏం చెబుతారండి?” నాన్న కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళారు. భోజనాల దగ్గర చారు గురించి కూడా ఎవరూ వాదించలేదు.

మర్నాడు పొద్దున్నే షాపులో, నేను షట్టరు ఎత్తుతుండగానే, నాన్న భీమవరానికి ఫోను చేశారు. నేను వింటున్నానని ఆయనకి తెలుసు.

“లేదండి, అమ్మాయికి వంకేంటండి, బంగారం. మా వాడి ఇష్టం వేరండి. ఇష్టం లేకుండా నేను ఎవరికీ దండలివ్వను కదా, కొడుకైతే మాత్రం ఎలా ఇస్తాను.” అవతల గట్టిగానే ఏదో అన్నారు. ముందే చెప్పి ఉండాల్సిందన్నారని అర్థమైంది. “నిజమేనండి. మాకూ నిన్ననే తెలిసింది” అని పెట్టేశారు.

ఆ నెల అమ్మ తుని వెళ్తానంది. నన్నూ రమ్మంది. వెళ్ళాను. కొండ మీద ఆవిడ ఏం మొక్కుకుందో నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. నాకు పెళ్ళి కుదరాలని అంతకు ముందు చేయించే వ్రతం ఈసారి చేయించలేదని మాత్రం తెలుసు. లెక్చరర్‌గారు సంఘానికి రావడం మానేశారు. నాన్న అధ్యక్షులుగా ఇంకా చాలాకాలం ఉన్నారు. ఆ ఖండన మాత్రం ఎన్నడూ చెప్పలేదు. నేను ఒకటి రెండుసార్లు గుర్తుచేస్తే, వాయిదాలో ఉందిగా అని పేపరు తిరగేసేవారు. నాకు కోపం వచ్చేది. ఒప్పుకోవాలి, లేదా కాదనాలి. మధ్యలో నిలబడే మనుషులంటే నన్ను పెంచిన మనిషికే పడదు. నా వాదాన్ని నాకన్నా బాగా చెప్పి, దాన్ని తన వాదమని ఒక్కసారీ అనని మనిషిని ఏమనాలో నాకు ఇప్పటికీ పూర్తిగా తేలలేదు.

ఒకటి మాత్రం చూశాను. ఆ వర్షాకాలం నాట్ల ముందు, షాపు నిండా రైతులుండగా, ఎప్పుడూ వచ్చే ఒకాయన కౌంటరు మీద మోచెయ్యి ఆనించి, మామూలుగానే అడిగాడు. “ఏంటండీ, అబ్బాయిగారి పప్పన్నం ఎప్పుడు పెడతారు?”

నాన్న బిల్లు రాస్తూ తలెత్తలేదు. “వాణ్ణి అడగాల్సింది అది కాదండి” అన్నారు. “మీకు యూరియా ఎన్ని బస్తాలు కావాలో చెప్పండి.”