అక్క రెండో పెళ్లికి పెద్దత్త అభ్యంతరం

మా పెద్దత్తకు లోకంలో ఒకటే పని: ఇతరుల తప్పులు పట్టడం. నాన్నకు స్వయానా అక్క. అచ్చాఫీసులో ముప్పయ్యేళ్లు ప్రూఫులు దిద్దింది. రిటైరయ్యాక కాగితాలు దొరక్క మనుషుల్ని దిద్దడం మొదలుపెట్టింది. మామయ్య పోయినప్పుడు వచ్చిన పరామర్శ ఉత్తరాలను ఎర్రసిరాతో దిద్ది రాసినవాళ్లకే తిరిగి పంపింది. ఆదివారం పూజ అవగానే ఫాదర్ గారు ఆవిడ కంటపడకుండా పక్క తలుపులోంచి వెళ్లిపోయేవారు. ఇక తన తప్పు ఒక్కటైనా ఒప్పుకున్న చరిత్ర ఆవిడకు లేదు.

అక్కకు విడాకులు వచ్చినప్పుడు మా ఇంటిల్లిపాదీ ఎంతో హుందాగా ప్రవర్తించాం. అంటే, ఏమీ జరగనట్టు నటించాం. అల్లుడేడని ఎవరైనా అడిగితే క్యాంపుకెళ్లాడని నాన్న చెప్పేవాడు. ఆ క్యాంపు రెండేళ్లు సాగింది. బాబాయి ప్రతి ఆదివారం "ఒక ప్రత్యేక ఉద్దేశం కోసం" ప్రార్థించమని చర్చిలో అందరినీ కోరేవాడు. ఆ ఉద్దేశమేమిటో పాటలు పాడేవాళ్లతో సహా అందరికీ తెలుసు. ఒకరోజు పూజలో ఫాదర్ గారిచ్చే సత్ప్రసాదం అందుకోవడానికి లేవబోయిన అక్కను పిన్ని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

వెనక బెంచీలోంచి పెద్దత్త గొంతు లేచింది. "విడాకులైతే సత్ప్రసాదం తీసుకోకూడదని ఎవరు చెప్పారు నీకు? అడ్డమల్లా మళ్లీ పెళ్లి చేసుకుంటేనే. తెలియకపోతే అడిగి తెలుసుకో."

ఏడాది తిరక్కుండా అక్క ఆ అడ్డం దాకా వచ్చేసింది. కళ్లజోళ్ల షాపాయన్ని చేసుకుంటానంది. అమ్మ మంచమెక్కింది, భోజనాలకు మాత్రం దిగేది. చర్చి లెక్కలో విడాకులు విడాకులే కావని, మొదటి పెళ్లి చెల్లదని బిషప్ గారి కోర్టు తీర్పిస్తే తప్ప ఈ పెళ్లికి రానని పెద్దత్త తేల్చేసింది. మా అందరికీ ప్రాణం లేచొచ్చింది. కాదనే పని ఒకరు నెత్తికెత్తుకున్నారు, ఇక మేం తీరిగ్గా జాలిపడచ్చు.

అక్క ఆ కోర్టుకు అర్జీ రాసుకుంటే పెద్దత్త మూడుసార్లు తిప్పికొట్టింది. తేదీ తప్పంది. ఇక్కడ కోపం కనబడుతోందంది. జరిగింది రాయి, నీ అభిప్రాయం ఎవరడిగారంది. నాలుగోసారి అక్క కాగితాలు ఆవిడ ముందు పడేసి, కావాలనే ఆలస్యం చేస్తున్నావని అనేసి, మాటలు మానేసింది. అర్జీ కోర్టుకు చేరి, సాక్షులు కావాలనేసరికి మా కుటుంబానికి మూకుమ్మడిగా మతిమరుపు వచ్చింది. నాన్నకైతే పెళ్లి ఏ ఏడాది చేశాడో కూడా గుర్తులేదు.

ఏడాదిన్నరకు తీర్పు వచ్చింది. పెళ్లికూతుర్ని బలవంతాన ఒప్పించారు కాబట్టి మొదటి పెళ్లి చెల్లదట. ఆ సంగతికి సాక్ష్యం ఎవరు చెప్పారా అని అక్కా నేనూ వెళ్లి ఫైలు అడిగి చూశాం. అందులో పెద్దత్త వాంగ్మూలం ఎనిమిది పేజీలుంది.

"సంబంధం తెచ్చింది నేను. పెళ్లికి ముందు రోజు పిల్ల వద్దని ఏడ్చింది. శుభలేఖలు పంచేశాం, పరువు పోతుందన్నాను. ఒప్పుకునేదాకా గదిలో పెట్టి గడియ వేశాను. తప్పు నాది."

అక్క ఆ చివరి వాక్యం మీద వేలు పెట్టి నాకు చూపించింది. అట్నుంచటే పెద్దత్త ఇంటికి వెళ్లాం.

"సాక్ష్యం ఇచ్చానని నాకెందుకు చెప్పలేదత్తా?" అంది అక్క.

"చెబితే నువ్వు ఏడ్చి, నన్ను క్షమించేసేదానివి. ఆ తర్వాత నేను మెత్తగా రాసేదాన్ని. మెత్తగా రాస్తే కేసు నిలవదు."

పెళ్లిరోజు చర్చి పక్క గదిలో అక్క ముసుగు సర్దుకుంటుంటే పెద్దత్త వచ్చి, నన్ను తప్ప అందరినీ బయటికి పంపేసింది.

"ఇష్టమేనా?" అని అడిగింది.

అక్క తలూపింది.

"తలూపుళ్లు నాకొద్దు. ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పు. బయట టాక్సీ ఆపి ఉంచాను."

"ఇష్టమే అత్తా."

"గట్టిగా చెప్పు. వీణ్ణి సాక్షిగా ఉంచాను, వీడికి వినపడాలి."

అక్క నవ్వాపుకోలేక గొంతెత్తి అరిచింది. అవతల బలిపీఠం దగ్గర నిలబడ్డ కళ్లజోళ్లాయన ఉలిక్కిపడి, ఫాదర్ గారు ఇంకా ఏమీ అడక్కుండానే, తనకూ ఇష్టమేనని చెప్పేశాడట.