బుగ్గలో ఎరుపు చాలలేదు

ఈమధ్య మా ఇంట్లో సూప్ వేడిగా తాగుతున్నాను. మొదట్లో రోజూ నాలుక కాలేది. పెళ్ళయినప్పటినుంచీ వేడి సూప్ ఎరగనిదాన్ని, ఊదుకోవాలని గుర్తు రాలేదు. మా ఆయన డాక్టర్ వెండెలిన్ ఆషావర్ ఏ వస్తువునైనా మూడు రంగుగాజుల్లోంచి చూస్తే తప్ప నమ్మేవారు కాదు. సూప్ సంగతీ అంతే. గిన్నె బల్లమీద పెట్టగానే కోటు జేబులోంచి ఇత్తడి చట్రానికి బిగించిన మూడు గాజుముక్కలు తీసేవారు. అవి విసనకర్రలా విచ్చుకునేవి. ముందు ఎరుపు, తర్వాత ఆకుపచ్చ, ఆఖరికి ఊదా. ఒక్కొక్కటీ కంటికి ఆనించి గిన్నెలోకి వంగేవారు. కళ్ళద్దాలకు ఆవిరి పట్టేది. తుడుచుకుని మళ్ళీ మొదటినుంచీ చూసేవారు.

"ఏమండీ, అది క్యారెట్టు. నిన్న కూడా క్యారెట్టే."

"నిన్నటిదాంట్లో ఇంత పసుపు లేదు అఫ్రా."

"తింటే తెలుస్తుంది కదా."

"తింటే రుచి తెలుస్తుంది. రంగెలా తెలుస్తుంది?"

 దానికి జవాబు సూపే చెప్పేది, చల్లారిపోయి.

డాక్టరంటే మందులిచ్చే డాక్టరు కాదు, రసాయనాల డాక్టరు. మ్యూనిక్‌లో మా వీధివాళ్ళకు ఆ తేడా పట్టేది కాదు. గొంతునొప్పి వస్తే మా తలుపే తట్టేవారు. ఈయన నోరు తెరవమని, మూడు గాజుల్లోంచీ గొంతు చూసి, "ఇంత మంచి ఎరుపు ఈ ఏడాదిలో చూడలేదు" అని మెచ్చుకుని పంపేవారు. సగంమందికి ఆ మాటతోనే తగ్గిపోయేది. మిగిలిన సగంమంది కోపం వచ్చి అసలు డాక్టరు దగ్గరికి వెళ్ళేవారు, వాళ్ళకూ తగ్గేది.

పెళ్ళినాడు చర్చిలో కూడా ఇదే. ఫాదరు గారు "ఈమెను భార్యగా స్వీకరిస్తున్నావా?" అని అడిగారు. ఈయన జేబులో చెయ్యి పెట్టారు. ఉంగరం కోసమనుకున్నాం. గాజులు బయటికొచ్చాయి.

"ఏం చేస్తున్నావు నాయనా?"

"పెళ్ళికూతుర్ని చూస్తున్నానండి."

"ఇన్నాళ్ళూ చూడలేదా?"

"విడివిడిగా చూడలేదండి."

మా అమ్మ ముందు వరసలో ఏడుపు మొదలుపెట్టింది. మూడో గాజు దించాక ఈయన "స్వీకరిస్తున్నాను" అన్నారు. ఆ మాట ఆయన అన్న తీరు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. లోకంలో ఏ ఆడదాన్నీ అంత పరీక్షించి, అంత నమ్మకంగా ఒప్పుకుని ఉండరు.

ఆ గాజుల మర్మం పెళ్ళయిన కొత్తలో ఆయనే వంటింట్లో చూపించారు. నాకు పెద్ద చదువు లేదు. అయినా కళ్ళున్నాయి కదా, అది చాలన్నారు. ఎర్రగాజులోంచి చూస్తే నా నీలం గౌను నల్లబడింది. ఆకుపచ్చ గాజులోంచి బల్లమీది చెర్రీపళ్ళు బొగ్గుల్లా కనిపించాయి. ఊదా గాజు పెట్టుకుంటే గుడ్డులోని పచ్చసొన నల్లగా అయిపోయింది. "చూశావా, ఒక్కో గాజూ ఒక్కో రంగును పట్టిస్తుంది. మూడింటినీ పట్టుకుని, విడివిడిగా ఫొటో తీసి, మూడు పలకలు చేసి, కాగితం మీద ఒకదానిమీద ఒకటి అచ్చువేస్తే దేవుడు చేసిన పని మళ్ళీ చేసినట్టే" అన్నారు. నేను చేతిలోని పెనం కింద పెట్టేసి, చెర్రీపళ్ళను చాలాసేపు చూస్తూ నిలబడ్డాను. ఆ రోజు ఆమ్లెట్ లేదు.

ఈ అచ్చుకు మామూలు బొమ్మల అచ్చులోలా రాయి వాడరు, గాజుపలకలు వాడతారు. వాటిమీద జిగురుపూత పెట్టి, దాన్ని వెలుతురుకు చూపించి గట్టిపరుస్తారు. ఆ పూత పలకను వదలకుండా పట్టుకోవాలంటే ముందు పలకమీద బీరు పోయాలి. నిజంగానే. మా ఊళ్ళో బీరును గ్లాసులో పోసుకుంటే మనిషంటారు, గాజుపలకమీద పోస్తే ఏమంటారో నేను విన్నాను. బీరు దుకాణం యజమాని ఒకసారి సీసాలు తెచ్చిస్తూ ఆయన్ను నిలదీశాడు.

"డాక్టర్ గారూ, నా బీరు తాగడం లేదటగా. గాజుకు పడుతున్నారట."

"ఒక్క చుక్క కూడా పారబోయనండి. గాజు మొత్తం పీల్చుకుంటుంది."

"గాజు ఏమంటోంది?"

"మీ వేసవి బీరే నచ్చిందండి దానికి."

అతను ఆ సీసాలకు ఖరీదు తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

ఆయన పనిచేసింది హాస్లర్ గారి అచ్చాఫీసులో. అక్కడ గోడవారగా పొడుగాటి బల్ల ఉండేది. నల్లగా అచ్చయిన బొమ్మలకు కుంచెతో రంగులు వేసే ఆడవాళ్ళు దానిముందు కూర్చునేవారు. అందరిలోకీ పెద్దది జెంజి. ఎడమకాలు చిన్నప్పటినుంచీ కుంటు. మంచంపట్టిన తల్లి ఇంట్లో ఉంది. జెంజికి కుంచె తప్ప వేరే పని రాదు, నోటికి మాత్రం ఎదురు లేదు. మా ఆయన ఆమె వేసిన బొమ్మను గాజుల్లోంచి చూస్తుంటే, "అలాగే నా ముఖం కూడా చూసి చెప్పండి డాక్టర్ గారూ, పెళ్ళికొడుకులు ఏ రంగు చూసి పారిపోతున్నారో" అనేది. ఆయన నిజంగానే చూసి, "పసుపు కొంచెం ఎక్కువుంది. కాలేయం చూపించుకో" అనేవారు.

మూడురంగుల అచ్చు కుదిరిన రోజు నేను భోజనం క్యారేజీతో అక్కడే ఉన్నాను. చెర్రీపళ్ళ బుట్ట పట్టుకున్న పల్లెటూరి పిల్ల బొమ్మ అది. ముందు పసుపు పలక వేశారు. పిల్లకు కామెర్లు వచ్చినట్టుంది. దానిమీద ఎరుపు వేశారు. పొయ్యి ముందు నిలబడ్డట్టుంది. ఎవరో నవ్వారు. ఆఖరికి నీలం వేసి కాగితం పైకెత్తారు. ఆకులు ఆకుపచ్చగా ఉన్నాయి. అచ్చాఫీసులో ఆకుపచ్చ సిరా సీసానే లేదు. జుట్టు గోధుమరంగు, కింది పెదవి మీద నీడ, చెర్రీపండు మీద కిటికీ వెలుగు. ఆ పిల్ల ఇప్పుడే ఏదో అడిగి జవాబుకోసం చూస్తున్నట్టుంది. హాస్లర్ గారు టోపీ తీసేశారు. బల్లదగ్గర ఆడవాళ్ళందరి కుంచెలూ ఆగిపోయాయి. నేను ఆ కాగితం వెనక్కి తిప్పి చూశాను. ఎందుకు తిప్పానో తెలియదు, పిల్ల వెనకభాగం ఉంటుందనుకున్నానేమో.

ముందుగా తేరుకున్నది హాస్లర్ గారే. "అయితే డాక్టర్ గారూ, ఇంక కుంచెల అవసరం లేదన్నమాట" అన్నారు.

 జెంజి కుంచె కడగడం మొదలుపెట్టింది. వయసులో ఉన్న పిల్లలు కొందరు అప్పటికే టోపీల ఫ్యాక్టరీలో పనులు చూసుకున్నారు, కొందరికి పెళ్ళిళ్ళు కుదిరాయి. జెంజికి రెండు దారులూ లేవు.

మా ఆయన గాజులు తీశారు. ఎరుపు, ఆకుపచ్చ, ఊదా. కళ్ళద్దాలు తుడుచుకున్నారు. మళ్ళీ ఎరుపు, ఆకుపచ్చ, ఊదా. హాస్లర్ గారు ఒక కాలిమీంచి ఇంకో కాలిమీదికి మారారు.

"బుగ్గ సరిగ్గా రాలేదండి. ఎరుపు చాలలేదు."

"నాకు బాగానే ఉందే."

"మీరు గాజుల్లోంచి చూడలేదు. ప్రతి బొమ్మకూ బుగ్గమీద ఒకసారి కుంచె పడాలి. జెంజి చెయ్యే పడాలి."

క్యారెట్టును కూడా నమ్మని మనిషి బుగ్గ బాగాలేదంటే కాదనేదెవరు? హాస్లర్ గారు ఒప్పుకున్నారు. జెంజి కుంచె పడ్డాక ఆ బొమ్మను మళ్ళీ చూసి, "అవును, ఇప్పుడు రక్తం వచ్చింది" అని మురిసిపోయారు. ఆనాటినుంచి ఏటా మా ఆయన అచ్చును ఇంకా బాగుచేస్తూనే ఉన్నారు, ఏటా బుగ్గలో ఎరుపు చాలకుండానే ఉంది. ఇంట్లో నేను అడిగేదాన్ని, "ఆకులు, ఆకాశం, పిల్లి మీసాలు అన్నీ వస్తున్నాయి. ఈ బుగ్గ ఒక్కటీ ఎందుకు రాదండీ?" అని.

"బుగ్గ చాలా కష్టం అఫ్రా" అనేవారు, సూప్‌లోకి వంగుతూ.

పోయిన చలికాలంలో ఆయన పోయారు. గాజులు ఇప్పుడు నా ఏప్రన్ జేబులో ఉంటాయి.

మొన్న సోమవారం హాస్లర్ గారు మా ఇంటికి వచ్చారు. వెనకాల బొమ్మల కట్ట మోసుకుంటూ జెంజి మెట్లెక్కింది. 

"అమ్మా, డాక్టర్ గారు లేరు. ఇదివరకు ఆయన చూసి సరే అంటే బొమ్మ బయటికి వెళ్ళేది. ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు" అన్నారు హాస్లర్ గారు. "ఇన్నేళ్ళు ఆయన పక్కన ఉన్నారు. మీరొకసారి చూడండి. అచ్చు బాగుందంటే ఈ శనివారంతో కుంచెపని ఆపేద్దామనుకుంటున్నాను. జెంజికి కూడా చెప్పాను."

కిటికీ దగ్గర వెలుతురులో కాగితం పట్టుకున్నాను. పాలచెంబు పట్టుకున్న కుర్రదాని బొమ్మ. ఎర్రగాజులోంచి చూశాను. ఆకుపచ్చలోంచి చూశాను. ఊదాలోంచి చూశాను. చెంబుమీద తడి కూడా కనిపిస్తోంది. బుగ్గ మా చెల్లెలి కూతురి బుగ్గలా, ముద్దు పెట్టుకోవాలనిపించేలా ఉంది.  ఇంత అందాన్ని ఆయన చేశారా, ఆ సూప్ చల్లార్చే మనిషే చేశారా అనిపించింది. జెంజి నేలవైపు చూస్తోంది.

నేను కళ్ళద్దాలు పెట్టుకోను. అయినా ఏప్రన్‌తో కళ్ళు తుడుచుకుని మళ్ళీ మూడింట్లోంచీ చూశాను.

"అంతా బాగుందండి. బుగ్గ ఒక్కటే. ఎరుపు చాలలేదు."

హాస్లర్ గారు నిట్టూర్చారు. "నాకూ అనుమానంగానే ఉంది. రక్తం లేదు కదూ?"

"లేదండి."

"సరే అయితే. జెంజి, సాయంత్రానికల్లా కట్ట తెచ్చెయ్యి. నీకు వచ్చే సోమవారం కూడా పనే." ఆయన టోపీ పెట్టుకుని దిగి వెళ్ళిపోయారు.

తలుపు మూశాక గది మధ్యలో ఇద్దరం నిలబడ్డాం.

"బుగ్గమీద ఏం వేయమంటారు డాక్టరమ్మగారూ?"

"ఇన్నేళ్ళూ ఏం వేశావో అదే వెయ్యి."

జెంజి మూసిన తలుపువైపు ఒకసారి చూసింది. "ఇన్నేళ్ళూ నీళ్ళే వేశానండి."

"నీళ్ళా?"

"మంచినీళ్ళు. మొదట్లో కొన్నాళ్ళు రంగు వేసినమాట నిజం. తర్వాత వేయడానికి బుగ్గలో చోటు లేకపోయింది. ఒకరోజు ధైర్యం చేసి అడిగాను, 'బుగ్గ బాగానే ఉంది కదండీ, ఏం వేయను?' అని. డాక్టర్ గారు మూడు గాజులూ ఒకదానిమీద ఒకటి పెట్టి, అలాగే కంటికి ఆనించుకున్నారు."

"మూడూ కలిపా? అలా పెడితే చీకటే కదా."

"అదే కదా. 'నాకేమీ కనిపించడం లేదు జెంజి, నీకు తోచింది వెయ్యి' అన్నారు. అంతే. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు."

ఆయన పోయాక నేను నవ్వడం అదే మొదటిసారి. కూర్చుని నవ్వాను. జెంజి కూడా కూర్చుని నవ్వింది. హాస్లర్ గారి 'రక్తం' గుర్తొచ్చి మళ్ళీ నవ్వాం.

"ఆఫీసులో పక్కన ఎర్రరంగు గిన్నె ఒకటి పెట్టుకోవాలండి, చూసేవాళ్ళకోసం. ఇక్కడ ఆ బాధ లేదు" అంటూ జెంజి కట్ట విప్పింది. కప్పులో నీళ్ళు పోశాను. ఆమె నాకూ ఒక కుంచె ఇచ్చింది.

"అంత తడి వద్దు, కాగితం ముడతపడుతుంది. గుండ్రంగా రాయండి. ఆఁ, అలాగ. మీ చెయ్యి మంచిదే, బొత్తిగా ఏమీ కనిపించడం లేదు."

ఇంతలో కింద పెరట్లోంచి మా కింది వాటా వాల్‌బుర్గా గారి కేక వినిపించింది. మా మేడలో కింద ఉన్న బట్టలుతికే గది అందరిదీ. ఒక్కొక్కరికి నెలకొకసారి వంతు, ఆ రోజు నాది. "డాక్టరమ్మగారూ, కాగులో నీళ్ళు మరుగుతున్నాయి. మీ వంతు పోతే మళ్ళీ వచ్చేనెలే."

కిటికీలోంచి తొంగిచూశాను. "మీరు ఉతుక్కోండి వాల్‌బుర్గా గారూ."

"మరి మీ దుప్పట్లో? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. పనిలో ఉన్నాను."

మాసిన దుప్పట్ల మూట గుమ్మం పక్కనే ఉంది. దాన్ని దాటుకుని వచ్చి, వెలుతురు ఉండగానే ఇంకో బొమ్మ అందుకున్నాను.