పంపలేరన్న మాట

బస్సు డిపోలో విచారణ కిటికీ వెనక పాతికేళ్లు కూర్చున్న మావిస్ టైడీ, రిటైరయ్యాక ఇంకో కుర్చీ చూసుకుంది. ఈసారి జీతం లేదు. లండన్‌కు దక్షిణాన, విమానాశ్రయాన్ని ఆనుకుని ఉన్న ఆ ఊళ్లో, తివాచీల కొట్టు పైన రెండు గదుల ఆఫీసు. దేశంలో ఉండేందుకు కాగితాలు లేవని పట్టుకొచ్చి, విమానం ఎక్కించేదాకా రన్‌వే వెనక కంచె లోపల ఉంచే మనుషులు ఫోన్ చేస్తే ఎత్తి మాట్లాడే ఆఫీసది.

ఎందుకు చేరావని ఎవరైనా అడిగితే, "మోకాళ్లు పోయాయి. కూర్చుని చేసే పని ఇదొక్కటే దొరికింది" అనేది. డిపోలో ఉన్న రోజుల్లో ప్లాస్టిక్ సంచుల్లో బట్టలు పెట్టుకుని, ఆ కంచె దగ్గరికి ఏ బస్సు వెళ్తుందని అడిగే ఆడవాళ్లను ఆమె చాలామందిని చూసింది. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పేది కాదు.

ఫోన్‌లో చెయ్యగలిగింది కూడా పెద్దగా ఏమీ ఉండదు. లాయరు ఉన్నాడా, చలికోటు ఉందా, అన్నం తింటున్నావా, చూడ్డానికి ఎవరినైనా పంపమంటావా, ఇంతే. ఆఫీసు నడిపే ఫిలిపా కొత్తగా వచ్చిన ప్రతివాళ్లకూ మొదటిరోజే ఒక మాట చెప్పేది. "మన చేతిలో లేనిది జరుగుతుందని చెప్పకండి. వాళ్లు మన మాటే పట్టుకుని బతుకుతారు."

మావిస్ కూతురు జోడీ. అల్లుడు క్రెయిగ్ విమానాశ్రయంలో సామాన్లు మోసేవాడు. ఆ పని పోయాక, మావిస్ చేరిన రెండో ఏడు, అదే కంచె లోపల కాపలా ఉద్యోగంలో చేరాడు. ఊళ్లో ఉన్న ఉద్యోగాలే అవి. ఆదివారం భోజనాల దగ్గర దీన్ని అందరూ నవ్వులాటగా మార్చేసుకున్నారు.

"ఏంటి మావిస్, బంగాళాదుంపలు చల్లారిపోయాయని మావాళ్లు ఈవారం మీకు ఫోన్ చెయ్యలేదా?" అనేవాడు క్రెయిగ్.

"చేశారు. వడ్డించేవాడి మొహం చూస్తే తినబుద్ధి కావట్లేదన్నారు."

"విన్నావా బంగారం, మీ అమ్మమ్మ నన్నెలా తిడుతోందో!" అని కూతురు ఎల్సీని ఒళ్లోకి లాక్కునేవాడు. అతనికి అందరూ బంగారమే. కూతురూ, కుక్కా, హోటల్లో టీ తెచ్చే అమ్మాయీ. ఎల్సీ పుట్టినప్పుడు కుడి మణికట్టు మీద దాని పేరు పచ్చబొట్టు పొడిపించుకున్నాడు. చెడ్డవాడని మావిస్ ఎన్నడూ అనుకోలేదు. ఆమె వంటింటి కప్పు కారితే వానలో నిచ్చెన ఎక్కి బాగుచేసినవాడతను.

ఆ చలికాలంలోనే క్వాబెనా ఫోన్లు మొదలయ్యాయి. ఘనా నుంచి వచ్చి, లండన్‌లో ఒక వృద్ధాశ్రమం వంటగదిలో గిన్నెలు తోముతూ ఏళ్ల తరబడి బతికినవాడు. పని దగ్గరే పట్టుకున్నారు. మావిస్ ఉండే మంగళవారాలు చూసుకుని చేసేవాడు.

"ఆంటీ, ఇవాళ ఏం పెట్టారో చెప్పుకోండి."

"చేప."

"చేప అని వాళ్లన్నారు. దాన్ని అడిగితే ఒప్పుకోదు."

ఆమె నవ్వేది. అతనూ నవ్వేవాడు. చెప్పుకునేవి అయిపోయినా ఇద్దరూ ఫోన్ మాత్రం పెట్టేసేవాళ్లు కాదు.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం అతని గొంతు మారిపోయింది. అంతకుముందు రోజు తనను విమానం దాకా తీసుకెళ్లారట. మెట్ల దగ్గర రానని కూలబడితే నలుగురు మీదపడ్డారట. తను పెట్టిన కేకలకు పైలట్ ఎక్కించుకోనన్నాడట. వెనక్కి తెచ్చి గదిలో పడేశారు. ఎడమ చెయ్యి విరిగింది.

"ఒకడు నా మెడ మీద చెయ్యేసి అదిమాడు ఆంటీ. ఊపిరాడలేదు. 'లే బంగారం, విమానం నీకోసమే ఆగింది' అంటూనే ఉన్నాడు."

మావిస్ చేతిలో పెన్ను ఆగిపోయింది. "వాడి పేరు తెలుసా?"

"వాడి పేరు తెలీదు. మణికట్టు మీద పచ్చబొట్టుంది. నా కళ్లముందే ఉంది కదా, చదివాను. ఎల్సీ అని."

ఆమె కిటికీ వైపు తిరిగింది. కింద కొట్టువాడు తివాచీ చుట్టను వ్యానులోకి తోస్తున్నాడు. అతను లోపలికి వెళ్లేదాకా చూస్తూ ఉండిపోయింది.

"ఆంటీ? ఉన్నారా?"

"ఉన్నాను. ఫిర్యాదు పెడదాం క్వాబెనా."

"వద్దు. నోరు విప్పితే రేపే ఎక్కించేస్తారు."

"లేదు. విచారణ జరగాలంటే సాక్షి ఉండాలి. నువ్వే సాక్షివి. అది తేలేదాకా నిన్ను పంపలేరు."

"నిజంగానా? పంపలేరా?"

"పంపలేరు" అంది మావిస్. కోపం మీద ఉంది. ఆ క్షణంలో తనూ దాన్ని పూర్తిగా నమ్మింది.

అతను, "మీరు చెబుతున్నారు కాబట్టి సరే" అన్నాడు.

వెళ్లి ఫిలిపాతో అంతా చెప్పింది. ఫిలిపా కుర్చీ దగ్గరకు జరుపుకుని, "మావిస్, ఇది మీరు రాయక్కర్లేదు. నేను రాస్తాను. మీ ఇంటి మనిషి" అంది.

"విన్నది నేను. నేనే రాస్తాను."

ఆదివారం భోజనానికి ఎవరూ రాలేదు. సోమవారం క్రెయిగ్ ఒక్కడే వచ్చాడు. కూర్చోలేదు. చొక్కా చెయ్యి పైకి లాగి, ముంజేతి మీద నల్లబడిన పంటిగాట్లు చూపించాడు.

"ఇది రాశారా మావిస్ మీ కాగితంలో? వాడు కొరికాడు. మీరు అక్కడ లేరు. మీరు మేడ మీద టీ తాగుతూ ఫోన్‌లో కథలు వింటారు."

"మెడ మీద చెయ్యి వేశావా లేదా?"

"అలాగే నేర్పారు మాకు!"

"మెడ మీదా?"

అతను చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు. గుమ్మం దాకా వెళ్లి, "నన్ను అడగొచ్చు కదా. ముందు నన్నొక్క మాట అడగొచ్చు కదా" అని వెళ్లిపోయాడు. విచారణ తేలేదాకా పనికి రావద్దన్నారు అతన్ని. సాయంత్రం జోడీ ఫోన్ చేసింది.

"అమ్మా, వాడెవడో నీకు మొహం కూడా తెలీదు. క్రెయిగ్ నీకు తెలుసు. నువ్వు ఎవరి అమ్మవి?"

"జోడీ, ఆ మనిషి చెయ్యి విరిగింది."

"మా ఇల్లు విరగ్గొట్టావు కదా, ఇప్పుడు సరిపోయింది" అని పెట్టేసింది. ఎల్సీని పంపడం ఆ రోజుతో ఆగిపోయింది.

విచారణ చేసేవాళ్లు వస్తారని, వస్తున్నారని కబుర్లు వచ్చాయి. వాళ్లు రాకముందే క్వాబెనా చేతి కట్టుతోనే వెళ్లిపోయాడు. ఈసారి మామూలు విమానం కాదు. తిప్పి పంపేవాళ్ల కోసమే అద్దెకు మాట్లాడిన విమానం. దాంట్లో అతని కేకలు వినడానికి ప్రయాణికులెవరూ లేరు. మంగళవారం మావిస్ అతని నంబరు తిప్పితే ఫోన్ మోగలేదు. పంపడం ఆపమని అతని లాయరు పెట్టిన అర్జీని ఎవరూ చదవనేలేదని ఫిలిపా కనుక్కుని చెప్పింది. "పంపలేరని అతనితో అన్నారా మీరు?" అని అడిగింది. మావిస్ తలూపింది. ఫిలిపా ఇంకేమీ అనలేదు. అని ఉంటే బాగుండేదని మావిస్ అనుకుంది.

వేసవి వచ్చేసరికి ఫిర్యాదు మూసేశారు. ఫిర్యాదుదారు దేశంలో లేడు కాబట్టి అతని వాంగ్మూలం తీసుకోవడం వీలుపడలేదట. క్రెయిగ్ మళ్లీ పనిలో చేరాడు. కొత్తగా వచ్చే కాపలావాళ్లకు పని నేర్పే బాధ్యత కూడా అప్పజెప్పారని వీధి చివర కొట్లో ఎవరో అంటుంటే మావిస్ విన్నది.

అదే నెలలో ఘనా రాజధాని అక్రా నుంచి ఫోన్ వచ్చింది.

"ఆంటీ, పంపలేరన్నారు మీరు."

"అన్నాను."

"చెయ్యి వంకరగా అతుక్కుంది. గిన్నె పట్టుకోలేను. సరే, అది కాదు. వాడినేం చేశారు?"

అబద్ధం చెబుదామని ఒక్క క్షణం అనిపించింది. "ఏమీ చెయ్యలేదు. మళ్లీ పనిలోకి వెళ్తున్నాడు."

అతను నవ్వాడు. చేప గురించి మాట్లాడినప్పటి నవ్వు కాదు. "మీకెలా తెలుసు? వాడెవడో కనుక్కున్నారా?"

"కనుక్కోనక్కర్లేకపోయింది క్వాబెనా. అతను నా అల్లుడు. ఎల్సీ నా మనవరాలు."

అవతల రోడ్డు మీద హారన్లు వినిపించాయి. ఎవరో ఆడమనిషి ఏదో అమ్ముతూ కేకేస్తోంది. మావిస్ అతన్ని పేరు పెట్టి పిలిచింది. ఇంకోసారి పిలిచింది. అప్పుడు లైను తెగిపోయింది. అతను మళ్లీ చెయ్యలేదు. ఆ నంబరుకు ఆమె చేస్తే ఎత్తలేదు.

రెండేళ్లయ్యాక నడుంనొప్పితో క్రెయిగ్ ఆ ఉద్యోగం తనే మానేసి, పార్సిళ్ల వ్యాను నడపడం మొదలుపెట్టాడు. ఆ క్రిస్మస్‌కు జోడీ, "అమ్మా, వస్తున్నాం" అని ముక్తసరిగా చెప్పింది. వచ్చారు. ఎల్సీ పొడుగైంది. అమ్మమ్మ దగ్గరికి రావడానికి కాస్త మొహమాటపడింది.

అప్పటినుంచి ఆదివారాలు మళ్లీ వస్తున్నారు. మావిస్ మంగళవారాలు ఆఫీసుకు వెళ్తూనే ఉంది. ఆ మాట ఎవరూ ఎత్తరు. క్రెయిగ్ ఇంట్లో కూడా పొడుగు చేతుల చొక్కాలే వేసుకుంటున్నాడు. ఆమె అతని పళ్లెంలో దుంపలు వేస్తుంది. "చాలు మావిస్" అంటాడతను. వాతావరణం గురించీ, రోడ్డు పనుల గురించీ మాట్లాడుకుంటారు. నవ్వులాటలు మాత్రం లేవు. తిన్నాక జోడీ గిన్నెలు కడుగుతుంది, మావిస్ తుడిచి పెడుతుంది.