మునగ కాదు వదినా, మూంగా!

మా కొండ రోజూ సముద్రానికి పోతుంది. అబద్ధం కాదు. ఛత్తీస్‌గఢ్‌లో మా బచేలి ఊరి పైనున్న కొండను తవ్వి, ఆ ఎర్ర ఇనుప ఖనిజాన్ని గూడ్సు బండ్లకెత్తితే అది ఘాట్లు దిగి విశాఖ రేవులో ఓడెక్కుతుంది. నేను గని వర్క్‌షాపులో పనిచేసేవాణ్ణి కాబట్టి కొండను సాగనంపడంలో నా చెయ్యి కూడా ఉంది. ఒకనాడు టీ తాగుతుంటే తట్టింది. ఇన్నేళ్లుగా మా కొండను తింటున్న సముద్రం మాకు తిరిగి చెంబెడు నీళ్లయినా పంపిందా? పంపదు. అయితే నేనే పోయి తెచ్చుకుంటా!

ఇంత గొప్ప ఆలోచన వచ్చినప్పుడు మనిషి నోరు మూసుకోవాలి. నాకా అలవాటు లేదు. వెంటనే మద్దేడు ఊరికి ఫోన్ చేసి మా వదినకు చెప్పేశాను. వదినంటే మా ఆవిడ అక్క. పొలం, పశువులు, ఇంటిల్లిపాదీ ఆమె మాట మీదే నడుస్తాయి. నా మాట ఒక్కటి కూడా నమ్మని మనిషి. అందుకు ఆమె దగ్గర కారణాలున్నాయి. మా గనిలో ఖనిజం మోసే డంపర్ లారీ ఎంత పెద్దదంటే ముందు చక్రాల మీద వాన పడుతుంటే వెనక చక్రాలు ఎండలో ఉంటాయని చెప్పింది నేనే. కొండలో ఇనుము ఎంత ఎక్కువంటే అక్కడ నడుస్తుంటే జేబులో తాళంచెవి కిందికి గుంజుతుందని చెప్పిందీ నేనే.

"ఇంట్ల సముద్రమా?" అంది వదిన. "సరే మరిదీ. బిడ్డ పెండ్లి బట్టలకు బచేలి బజారుకు వస్త గదా, అప్పుడు చూస్త. లేకపోతే మాత్రం పెండ్లిల నువ్వు నోరు తెరవద్దు. అన్నం తిననీకి తప్ప."

"తెరవను, పో!" అనేశాను.

అనేశాక తెలిసొచ్చింది. పెండ్లి పందిట్లో నోరు మూసుకుని కూర్చోవడమా? బాసగూడ నుంచి వచ్చే చుట్టాలు పెండ్లికొడుకును చూడ్డానికొస్తారా, నా డంపర్ కథ కోసం వస్తారా?

రైలెక్కాను. విశాఖలో అక్వేరియం షాపతను నాకు ట్రంకుపెట్టెంత అద్దాల తొట్టి, పంపు, నీలం లైటు, బొక్కబొక్కల రాళ్లు అంటగట్టాడు. పడవవాళ్లను బతిమాలి, ఒడ్డుకు దూరంగా తోడించిన నీళ్లు క్యాన్లలో నింపుకున్నాను. తిరుగు రైల్లో ఒక పోలీసాయన క్యాన్లు చూశాడు. మా వైపు క్యానులో నీళ్లలా కనబడేది ఏదైనా ముందు ఇప్పసారానే.

"క్యా హై ఇస్మే?" అన్నాడు, ఇందులో ఏముందని.

"సముందర్ హై, సాబ్."

ఆయన నవ్వలేదు. మూత తీసి, చుట్టూ చూసి, గట్టిగా ఒక గుక్క వేశాడు. ఆ ముఖం నేను ఎన్ని పెండ్లిళ్లలో చెప్పినా అరగదు! ఆ తర్వాత దంతెవాడ దాకా నా పెట్టె దగ్గరికి ఎవరూ రాలేదు.

నీళ్లు కుదురుకునేదాకా వారాల తరబడి ఉత్త రాళ్లనే చూస్తూ కూర్చున్నాను. అప్పుడు మళ్లీ విశాఖ పోయి, తెల్ల చారల నారింజ చేపలు రెండు, చిన్న రాయికి అంటుకున్న మెత్తటి పగడం ముక్కొకటి తెచ్చాను. చూడ్డానికి పుట్టగొడుగులా ఉంటుంది. కానీ ప్రాణి! లైటు పడితే దాని తల నిండా సన్నటి వేళ్లు లేస్తాయి, పంపు నీళ్లకు ఊగుతాయి. మొదటిసారి అవి లేచిననాడు నేను ఇంట్లో వేసిన కేకకు పక్క క్వార్టర్‌వాళ్లు పాము దూరిందనుకుని కర్రలతో వచ్చారు.

ఇక కష్టాలు. ఎండకు తొట్టిలో నీళ్లు తగ్గేవి. తగ్గినప్పుడల్లా నేను ఉప్పు నీళ్లే పోశాను. సముద్రం తగ్గితే సముద్రమే పోయాలి గదా! చేపలు రొప్పడం మొదలెట్టాయి. మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసి, "పులుసు మరిగి చిక్కబడితే నీళ్లు పోస్తరా, ఇంకింత ఉప్పేస్తరా?" అంది. పోయేది నీరే, ఉప్పు తొట్టిలోనే ఉంటుందన్నమాట. సరే, కొళాయి నీళ్లు పోశాను. వారం తిరిగేసరికి రాళ్లకు గోధుమరంగు నాచు పట్టింది. అప్పట్నుంచి మేం తాగే ఫిల్టర్ నీళ్లు చేపలకు, కొళాయి నీళ్లు మాకు.

అన్నిటికన్నా పెద్ద తప్పు అయస్కాంతం. అద్దానికి లోపలొకటి బయటొకటి పెట్టి, బయటిదాన్ని జరిపితే లోపలిది నాచు గీకుతుంది. విశాఖలో ఎంత ముచ్చటేసిందో! కానీ మాది ఇనుప ధూళి ఊరు. కిటికీ ఎంత మూసినా ఎర్ర దుమ్ము వచ్చి వాలుతుంది. ఆ దుమ్ము సందులో చేరి, నేను ఒక్కసారి తుడవగానే అద్దం మీద మా రైలు ఆఖరి స్టేషను కిరందుల్ దాకా పట్టాలు పరిచినట్టు రెండు గీతలు పడ్డాయి. ఇంత అనుభవమున్న వర్క్‌షాపు మనిషిని, ఖనిజం ఊళ్లో అయస్కాంతం వాడాను!

ఈలోగా కాలనీలో అందరికీ చెప్పుకొచ్చాను. "మేరే ఘర్ మే మూంగా హై!" పగడానికి హిందీలో మూంగా అంటారు. కానీ మా ఛత్తీస్‌గఢ్‌లో మునగా అంటే మునగకాయ. ఈ సంగతి పుట్టినప్పట్నుంచీ నాకు తెలుసు. ఉత్సాహంలో మర్చిపోయాను. మర్నాడు పక్క క్వార్టర్‌లో హల్బీ భాష మాట్లాడే ఆమె గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడింది, పప్పులోకి రెండు కాయలిమ్మని. ఆ మాట బస్సెక్కి మద్దేడు చేరేసరికి, నేను అద్దాల పెట్టెలో ఉప్పునీళ్లు పోసి మునగచెట్టు పెంచుతున్నానని స్థిరపడిపోయింది.

వదిన రానే వచ్చింది. ఏ రోజు? పొద్దున గాలిదుమారానికి చెట్టు కూలి లైను తెగి, మా టౌన్‌షిప్‌లో ఎన్నడూ పోని కరెంటు పోయిన రోజు. నడి ఎండాకాలం. పంపు ఆగింది, లైటు ఆరింది, నీళ్లు వేడెక్కుతున్నాయి. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. పగడం వేళ్లన్నీ లోపలికి లాక్కుని నున్నటి ముద్దయిపోయింది.

వదిన సంచి దించి, తొట్టి ముందు నడుం మీద చేతులేసి నిలబడింది.

"ఏది మునగ?"

"మునగ కాదు వదినా, మూంగా. పగడం. ఇది ప్రాణి. దీనికి వేళ్లుంటయి."

"ఏడున్నయి వేళ్లు?"

"ఇప్పుడు ముడుచుకుంది."

"నేను రాంగనే ముడుచుకున్నదా?" మా ఆవిడ వైపు తిరిగింది. "చూసినవానే చెల్లె, రాయికి సిగ్గంట!"

నవ్వే స్థితిలో లేను. పందెం సంగతి కూడా మర్చిపోయాను. వర్క్‌షాపు నుంచి బ్యాటరీ పంపు తేవాలి, అది తెచ్చేసరికి చేపలు ఉంటాయో లేదో. చెంబుతో నీళ్లు తీసి, టీ చల్లార్చినట్టు ఎత్తునుంచి మళ్లీ తొట్టిలోకే పోయడం మొదలెట్టాను. నీళ్లలోకి గాలి పోవాలి గదా. సగం నీళ్లు బయటే ఒలకబోస్తున్న నన్ను చూసి వదిన ముఖం మారింది.

"ఈ చేపలు నిజంగ చస్తయా?"

"చస్తయి వదినా. అదీ చస్తది."

"ఇటియ్యి చెంబు. నువ్వు ఉరుకు. అట్ల పోస్తె సగం బండల మీదనే పడుతంది."

నేను పంపు తెచ్చేసరికి ఏం చూశానంటారా! వదిన కొంగు బిగించి, స్టూలెక్కి, చుక్క కింద పడకుండా ధార కడుతోంది. మా ఆవిడ ఫ్రిజ్‌లో గడ్డకట్టిన నీళ్ల సీసా తొట్టిలో తేలేసి విసనకర్ర ఊపుతోంది. "ఓ ఎర్రదానా, పైకి రా, నోరు మూసుకోని గాలి పీల్చు," అని వదిన చేపకు సలహా ఇస్తోంది. అయిదు నిమిషాల పరిచయానికే దాన్ని పశువును అదిలించినట్టు అదిలిస్తోంది! బ్యాటరీ పంపు బుడగలు కక్కినా ఆమె చెంబు ఆపలేదు. బట్టల బజారు అలాగే పోయింది.

సాయంత్రం కరెంటు వచ్చింది. పంపు గుర్రుమంది, నీలం లైటు వెలిగింది. చేపలు రెండూ తోకలాడించుకుంటూ కిందికి దిగాయి. ముద్ద మాత్రం ముద్దలాగే ఉంది. అయిపోయిందనుకున్నాను. మా ఆవిడ టీ తెచ్చి పెట్టింది, ముగ్గురం నేల మీద కూర్చుని చూస్తున్నాం.

టీ చల్లారిపోయాక, ముద్ద అంచున ఒక చుక్క లేచింది. దాని పక్కన ఇంకోటి. ఆ తర్వాత వరసగా, నాట్లేసిన మడిలో గాలి తిరిగినట్టు, తల నిండా వేళ్లు లేచి ఊగాయి.

వదిన లేచి తొట్టి దగ్గరికి పోయింది. తొట్టిలో వేలు ముంచి నాలుకకు రాసుకుంది.

"ఉప్పే," అంది. "ఓరి మరిదీ!"

గెలిచాను! పెండ్లినాడు కొత్త చొక్కా వేసుకుని, గొంతు సవరించుకుని పందిట్లోకి వెళ్లానా, అక్కడ నేనెప్పుడూ కథలు చెప్పే చాప మీద అప్పటికే వదిన కూర్చుని ఉంది. చుట్టూ బాసగూడ చుట్టాలు. చేతిలో చెంబు కూడా ఉంది.

"రాయికి వేళ్లు మొలిచినయి! నా కండ్ల ముందట! సముద్రం ఆగిపోతె ఈ చెంబుతోనే పొద్దంత నేనే నడిపిన!"

ఒక ముసలాయన తుండుతో నోరు మూసుకుని నవ్వాడు. "పిల్లా, ఎండల పనిచేసినవా?"

వదినకు రోషం వచ్చింది. చుట్టూ వెతికి నన్ను పట్టుకుంది. "అగో, మరిది వచ్చిండు. ఆయననే అడుగుండ్రి. చెప్పు మరిదీ, నిజమా కాదా?"

"నిజం," అన్నాను, గుండె మీద చెయ్యేసి. "ప్రతి మాటా నిజం."

పందిరంతా గొల్లుమంది.

"డంపరాయన సాక్ష్యమట!" అన్నాడు ముసలాయన కండ్లు తుడుచుకుంటూ. "ఇగ పక్కా అబద్ధమే."

వదిన నన్ను చూసిన చూపు నేను చెప్పలేను. ఆమె విసిరిన చెంబు మాత్రం తలకు తగలకుండా తప్పించుకున్నాను.