మామ చెవి మీది చుట్ట

మా మామ మెచ్చుకోలు నోటితో వచ్చేది కాదు, చెవి మీద కనిపించేది. రాయికల్ అంగట్లో పొగాకు అమ్మేవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. ఎవరైనా కొత్త ఆకు తెస్తే ముందు మామ చేతిలో పెట్టేవాళ్ళు. ఆయన చుట్ట చుట్టుకుని నాలుగు దమ్ములు లాగి, నచ్చకపోతే అక్కడే మట్టిలో పారేసేవాడు. నచ్చితే సగంలో ఆర్పి, మిగతా సగం చెవి మీద పెట్టుకుని లేచిపోయేవాడు. బాగుందనీ బాగాలేదనీ ఒక్క మాట ఉండదు. కొనడానికి వచ్చినవాళ్ళు ఆకు వంక చూడడం మానేసి మామ చెవి వంక చూసేవాళ్ళు. చెవి ఖాళీగా ఉంటే ఆ వ్యాపారి బస్తా మూతి కట్టుకుని ఇంకో అంగడి చూసుకోవలసిందే.

మామది కల్లు గీయడానికి తాళ్ళెక్కే పని, నాది బీడీలు చుట్టే పని. నా పెనిమిటి సిరిసిల్లలో సాంచెలు నడిపేవాడు. పగలూ రాత్రీ ఆ మరమగ్గాల చప్పుడులోనే బతికి పండగకో పబ్బానికో ఇంటికి వచ్చేవాడు. కోరుట్ల దగ్గరి మా పల్లెలో ఉండేది మామ, నేను, మా మరిది. మరిది తల్లి లేనివాడు. నేను కాపురానికి వచ్చేసరికి వాడికింకా లాగు నడుము మీద నిలిచేది కాదు. అన్నం కలిపి పెట్టింది నేను, జ్వరమొస్తే ఒళ్ళో పడుకోబెట్టుకుంది నేను. వాణ్ణి ఎవరైనా ఒక మాటంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. అన్నది మామైనా సరే.

అనడం సంగతి అటుంచండి, మామ వాడితో మాట్లాడడమే మానేశాడు. దానికో కారణముంది. అవి అన్నల రోజులు, నక్సలైట్లను మా దిక్కు అలాగే అనేవాళ్ళు. వయసులో ఉన్న పిల్లవాడు ఊళ్ళో కనిపించకపోతే పోలీసులకు అడవికి పోయాడనే అనుమానం. మా వాడేమో ఇబ్రహీంపట్నం దోస్తులతో కలిసి, తండ్రి వద్దన్నా వినకుండా దుబాయి వెళ్ళిపోయాడు. వాడక్కడ దిగాడో లేదో, ఇక్కడ జీపు వచ్చి మామను ఎక్కించుకుపోయింది. "నీ కొడుకు ఏ దళంల ఉన్నడు చెప్పు" అని ఠాణా అరుగు మీద పొద్దుగూకేదాకా కూర్చోబెట్టారు. దుబాయి అంటే నమ్మలేదు. పంపినట్టే పంపి మళ్ళీ మళ్ళీ పిలిచారు. తాటిచెట్టు చిటారున కూడా చెయ్యి వణకని మనిషి, ఠాణా నుంచి తల దించుకుని నడిచి వచ్చేవాడు. నాకు కడుపు రగిలిపోయేది. ఎవరి మీద రగలాలో మాత్రం తెలిసేది కాదు.

మరిది మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు మామ "అచ్చినవా" అన్నాడు, అంతే. వాడు ట్రంకుపెట్టె తెరిచి సబ్బులు, అత్తరు సీసాలు తీసి, వాటి నడుమ నుంచి చిన్న చెక్కపెట్టె బయటికి లాగాడు. లోపల మూడు సిగార్లు. ఒక్కొక్కటి బొటనవేలంత లావు, నడుముకు బంగారు రంగు కాగితం పట్టీ.

"మా అర్బాబు తాగేటివి వదినె. నా పని జూసి, ఏం గావాల్నో అడుగుమన్నడు. మా బాపు కోసం గివి అడిగిన" అన్నాడు. అర్బాబు అంటే అక్కడి యజమాని. పెట్టె మూత మెల్లగా మూశాడు. "బాపు ఒక్కసారి మంచిగున్నదంటె చాలు. గంతకంటె ఏం వద్దు నాకు."

వెర్రినాయన! అంతటితో ఆగినా బాగుండేది. దుబాయి చుట్ట తెచ్చానని వాడకట్టంతా చాటించాడు. మర్నాడు మా అరుగు ముందు జనమే జనం. మామ సిగారును చేతిలోకి తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని, రెండు వేళ్ళ మధ్య మెల్లగా దొర్లించాడు. చిటపటమంది. ఆయన మొహం అప్పుడే ముడుచుకుంది. మంచి ఆకు మాట్లాడదు, ఎండిన ఆకే మాట్లాడుతుందని మామ ఎప్పుడూ అనేవాడు. అయినా వెలిగించాడు. ఒక పక్క గబగబా కాలిపోయింది, రెండో పక్క అలాగే ఉంది. పై ఆకు పగిలి పొట్టు లేచింది. రెండో దమ్ముకే దగ్గు వచ్చి, సిగారు తీసి మట్టిలో పారేశాడు.

"సబ్బు కలిపిన గడ్డి" అన్నాడు. ఏ చుట్టకూ ఒక్క మాట ఖర్చు పెట్టని మనిషి కొడుకు తెచ్చినదానికి మూడు ఖర్చు పెట్టాడు. జనం ముసిముసిగా నవ్వారు. మరిది ఇంట్లోకి పోయి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను రెండోసారి పిలిచినా అన్నానికి లేవలేదు.

నేను మాత్రం మట్టిలోంచి ఆ ముక్క తీసి చూశాను. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆకుతోనే బతుకు నాది, ఈ విషయంలో ఎవరికీ తగ్గను. పై ఆకు సన్నగా, ఈనె కనబడకుండా ఉంది. లోపల పొడి కాదు, నిండు ఆకులే, మడత మీద మడత. ఆకు గొప్పదే, దాహంతో చచ్చింది. ఎడారి వేడిలో కొంత, దారి పొడుగునా ట్రంకుపెట్టెలో కొంత. సబ్బుల వాసన పైపెచ్చు.

బీడీ చుట్టే తునికాకు కూడా అంతే. ఎండింది ముట్టుకుంటే పొడి. దానికి నెమ్ము పట్టిస్తే గుడ్డలా మెత్తబడి, వేళ్ళ మధ్య చెప్పినట్టు వింటుంది. పొగాకును నీళ్ళలో ముంచితే కుళ్ళిపోతుంది, అది నాకూ తెలుసు. అందుకని మట్టికుండ అడుగున తడి గోనెసంచి పరిచి, దాని మీద పుల్లలు అడ్డం పెట్టి, పుల్లల మీద మిగిలిన రెండు సిగార్లు పెట్టాను. మూతి మీద పలచటి గుడ్డ కట్టి చీకటి మూలకు జరిపాను. రోజూ పొద్దున గుడ్డ విప్పి గాలి తగలనిచ్చి మళ్ళీ కట్టేదాన్ని.

ఒకరోజు మరిది చూడనే చూశాడు. "ఏం జేసినవు వదినె! దుబాయి చుట్టలను తడి గోనెల వెడ్తవా? ఉన్న రెండు గూడ ఖరాబు జేసినవు!"

"నోర్ముయ్. అత్తరు సీసాల నడుమ తెచ్చిందెవరు, నేనా? ఆకు సంగతి నాకు జెప్తున్నవా?"

"బాపు మల్ల ముట్టడు."

"ఎట్ల ముట్టడో నేను జూస్త" అన్నాను. అన్నాను గాని, ఆ రోజు నుంచి పూటకోసారి గుడ్డ విప్పి చూశాను. బూజు పడితే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?

వాడు తిరిగి దుబాయికి బయలుదేరే రోజు వచ్చింది. పొద్దున మామ తాళ్ళు దిగి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. నేను కుండ మూతి గుడ్డ విప్పి ఒక సిగారు తీశాను. బూజు లేదు. వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయి తిరిగి లేచింది. సబ్బు వాసన చాలావరకు ఎగిరిపోయింది. తీసుకెళ్ళి మామ ముందు నిలబడ్డాను.

"మామా, గిది తాగు."

"ఒకసారి తాగిన గద బిడ్డా."

"అప్పుడు తాగింది నీ కొడుకు తెచ్చింది కాదు, ఎండ తెచ్చింది. నా మాట మీద తాగు."

కోడలు అంత గట్టిగా మాట్లాడేసరికి చేయి చాపాడు. చెవి దగ్గర దొర్లించాడు. చప్పుడు లేదు. ఇంకోసారి దొర్లించి నా మొహంలోకి చూశాడు. తాళ్ళు గీసే కత్తితో కొస తీశాడు. అగ్గిపుల్ల వాసన ఆకుకు అంటుతుందని తాటి ఈనె ఒకటి పొయ్యిలో ముట్టించి దానితో వెలిగించాడు. ఈసారి చుట్టూ సమానంగా అంటుకుంది. పొగ మింగకుండా నోట్లోనే తిప్పి, కళ్ళు మూసుకుని వదిలాడు. అరుగంతా వేయించిన శనగల వాసన. తర్వాత తర్వాత బెల్లం పాకం అడుగంటినప్పటి వాసన వచ్చింది. బూడిద తెల్లగా, రాలకుండా వేలెడు పొడుగు నిలిచింది. మామ దాన్ని దులపలేదు. మరిది గడపలో నిలబడి చూస్తున్నాడు.

సగానికి వచ్చింది. మామ దాన్ని అరుగు రాతి అంచున పెట్టి, దానంతట అదే ఆరేదాకా చూశాడు. తర్వాత తీసి తలరుమాలు సర్దుకుని చెవి మీద పెట్టుకున్నాడు. "బస్సు యాళ్ళయితాంది, నడువుండ్రి" అని లేచాడు.

నాకు ఎగిరి గంతేయాలనిపించింది! మరిది వైపు చూసి కనుబొమలెగరేశాను. వాడు నవ్వాడు గాని ఆ నవ్వు పూర్తిగా విచ్చుకోలేదు. చెవి అంగట్లో వ్యాపారులకు చాలు. కొడుక్కి నోటిమాట కావాలి.

చుట్టిన బీడీలు కోరుట్ల కార్ఖానాలో అప్పజెప్పాలి కాబట్టి నేనూ గంప పట్టుకుని బస్సెక్కాను. మామ కొడుకును జగిత్యాల దాకా సాగనంపుతానన్నాడు. కోరుట్ల ఇంకా రాకముందే పోలీసులు బస్సు ఆపారు. అందరినీ దింపి వరసగా నిలబెట్టారు. ఎస్సై ఒక్కొక్కరినీ చూసుకుంటూ వచ్చి మా ముందు ఆగాడు. మరిది వయసు చూశాడు, సంచి చూశాడు, మామ చెవి చూశాడు.

"ఏందిరా గది?"

మామ తల వంచుతాడని నేను గట్టిగా అనుకున్నాను. వంచలేదు. చెవి మీది సిగారు తీసి అరచేతిలో పెట్టి చూపించాడు.

"దుబాయి చుట్ట సారూ. నా కొడుకు తెచ్చిండు. అడివికి పోయిండని నన్ను ఠాణల కూసోవెట్టిండ్రే, గా కొడుకే." అరచెయ్యి ఇంకొంచెం ముందుకు చాపాడు. "పుట్టినకాన్నుంచి పొగాకు తాగుతున్న. గిసొంటి మంచిది నేను తాగలే, మా అయ్య తాగలే. వాసన జూడుండ్రి."

వరసలో నిలబడ్డ జనమంతా బిగుసుకుపోయారు. ఎస్సై వంగి వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. "ఇటియ్యి" అని చేయి చాపాడు.

"ఇయ్య సారూ. కొడుకు తెచ్చింది" అన్నాడు మామ, పిడికిలి మూస్తూ.

ఎస్సై మామను ఎగాదిగా చూసి, మరిది పాస్‌పోర్టు తిప్పి, తిరిగి వాడి చేతిలో పెట్టాడు. "ఎక్కుండ్రి, ఎక్కుండ్రి" అన్నాడు.

బస్సు కదిలింది. మరిది కిటికీ వైపు మొహం తిప్పుకుని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. మామ వాడి వీపు మీద చెయ్యి వేసి తట్టాడు. సిగారు మళ్ళీ చెవి మీదికి చేరింది.

"మల్ల అచ్చేటప్పుడు ఇంకో డబ్బ తే బిడ్డా" అన్నాడు. "సబ్బుల నడుమ వెట్టకు. తెచ్చినంక మీ వదినెకియ్యి."