కిటికీ మీద అటక

అమలాపురం శివార్లలో పాత కలప అమ్మే అడితి ఒకటుంది. పడగొట్టిన ఇళ్ళ దూలాలూ, ద్వారబంధాలూ, వాసాలూ అక్కడికి చేరతాయి. మొన్న మా స్టీలు సామాన్ల కొట్టులో అరలకి నాలుగు బల్లలు కావాలని వెళ్ళాను. బేరమాడకుండా నేను ఊపిరి కూడా పీల్చనని మా వీధిలో చెప్పుకుంటారు. అందులో అతిశయోక్తి కాస్తే ఉంది. అడితి కుర్రాడు ఓ దుంగని రంపం మీదకి తోశాడు. పొట్టు లేచింది, దాంతోపాటు ఒక వాసన లేచింది. కొబ్బరినూనె వాసన కాదు, పచ్చి కొబ్బరిదీ కాదు. తియ్యగా మొదలై కొంచెం పులిసి, చివర్లో పొగా ఎలకలూ కలిసిన వాసన. ఏళ్ళ తరబడి కురిడీలు మోసిన కర్రకి మాత్రమే ఉండే వాసన. నేను నిలబడిపోయాను. నా ముఖం చూసి అడితి ఆయన అక్కడికక్కడే ధర పెంచేశాడు. ఇష్టం బయటపడితే బేరం చచ్చినట్టేనని అందరికీ చెప్పే మనిషిని, ఆ రోజు బేరమే మొదలుపెట్టకుండా, బల్లలు కొనకుండా ఇంటికొచ్చేశాను.

మా ఇల్లు మలికిపురంలో సంత వీధి మొదట్లో ఉండేది. ముందు గది కొట్టు, వెనక మేము. కొట్టు ఎక్కడ అయిపోయి ఇల్లు ఎక్కడ మొదలవుతుందో మాకే సరిగ్గా తెలిసేది కాదు, ఎందుకంటే బెల్లం దిమ్మలు మంచం కింద ఉండేవి, కొబ్బరి తాళ్ళ చుట్టలు వంటింటి గుమ్మం దాకా వచ్చేవి, ఎండు మిరపకాయల బస్తా మీద కూర్చునే నేను ఎక్కాలు వల్లించి తుమ్ముతూ ఉండేదాన్ని. దానికి తోడు అటక. కోనసీమలో పుట్టినవాళ్ళకి కురిడీ గురించి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళకి చెబుతాను. ముదిరిన కాయల్ని పీచుతో సహా అటకెక్కించి, కింద పొయ్యి పొగ తగిలేలా నెలల తరబడి కదపకుండా వదిలేస్తారు. లోపలి నీళ్ళు మెల్లగా ఇంకిపోయి, కొబ్బరి చిప్పని వదిలేసి, చేత్తో ఊపితే గుండ్రంగా గలగలలాడుతుంది. అదే కురిడీ. వానాకాలం రాత్రుళ్ళు పెంకుల మీద చినుకుల చప్పుడు, దాని కింద ఎలకలు తోసిన కాయ దొర్లే చప్పుడు, ఆ కింద మేము. మా నాన్నగారికి ఆ దొర్లుడు వినపడితేనే నిద్రపట్టేది.

అది కర్ర ఇల్లు. పునాది మీద నిట్రాళ్ళు, అంటే నిలువు కర్ర స్తంభాలు, నిలబెట్టి, వాటి తలల మీద దూలాలు పరిచి, దూలాల మీద అటక దుంగలు, ఆపైన వాసాలు, పెంకులు. నిట్రాడకీ నిట్రాడకీ మధ్య ఖాళీల్లో తాటి బద్దలు అల్లి, మట్టి మెత్తి, సున్నం కొట్టారు. గోడ అని మేం పిలిచేది నిజానికి గోడ కాదు, ఇంటి ఎముకల మధ్య సాగదీసిన చర్మం. మోసేదంతా నిట్రాళ్ళే. అందుకే ఆ ఇంట్లో కిటికీలు అంత సన్నం. రెండు నిట్రాళ్ళ నడుమ ఎంత చోటుంటే అంతే. వెనక గదిలో మిట్టమధ్యాహ్నం కూడా బియ్యంలో రాళ్ళు ఏరాలంటే చేట పట్టుకుని గుమ్మంలోకి రావాల్సిందే.

ఆ చీకటి గదిలోకి మా సుగుణత్త కుట్టుమిషనుతో వచ్చింది. నాన్నగారికి ఒక్కగానొక్క చెల్లెలు. వాళ్ళాయన మస్కట్ వెళ్ళాడు. మొదట ఉత్తరాలూ సెంటు సీసాలూ వచ్చాయి, తర్వాత ఉత్తరాలు వచ్చాయి, తర్వాత అవీ రాలేదు. ఎవరో వచ్చి, ఆయనకి అక్కడ వేరే సంసారం ఉందని చెప్పి, టీ తాగి వెళ్ళిపోయారు. అత్త ఏడ్చిందో లేదో నాకు తెలియదు. రిక్షాలోంచి మిషను దింపుతున్నవాళ్ళని మాత్రం, "బాబ్బాబు, చక్రం గోడకి కొట్టకండి బాబూ" అని బతిమాలడం గుర్తుంది.

వారం తిరక్కుండా నాన్నగారిని అడిగేసింది.

"అన్నయ్యా, తిండి సంగతి నేను చూసుకుంటాను. నాకో పెద్ద కిటికీ పెట్టించు. వీధిలో వాళ్ళు అందులోంచే గుడ్డలిచ్చి, అందులోంచే తీసుకెళ్ళాలి. నీ కొట్లోంచి నడిచి రాకూడదు."

ఆ ఆఖరి మాట అమ్మకి గుచ్చుకుంది. నాన్నగారికి నచ్చింది. కొట్టువాడి చెల్లెలికి తన సొంత గిరాకీ, సొంత గుమ్మం లాంటి కిటికీ ఉండాలనిపించడంలో తప్పేముంది?

వడ్రంగి వీర్రాజు గారు వచ్చారు. పని కంటే మాట ఎక్కువ మనిషి. గోడని గుప్పిటతో కొట్టి చూశారు.

"ఆయ్, తియ్యొచ్చండి. కాపోతే మధ్యలో ఈ నిట్రాడ కొయ్యాలండి. ఇది కోసేత్తే దీని బరువు ఎవరో ఒకరు మొయ్యాలి కదండీ. పైన లావుపాటి టేకు దుంగ అడ్డం పడాల. దుంగ ఆ చివరా ఈ చివరా కూర్చోడానికి, ఉన్న నిట్రాళ్ళని ఆనించి పొట్టి కర్రలు ఇంకో రెండు నిలబెట్టాల."

నాకు అప్పుడు అర్థం కాలేదు కానీ తర్వాత సంతలో చూశాను. ఇద్దరు మనుషులు వెదురు బొంగు భుజాలకెత్తుకుని మధ్యలో బస్తా వేలాడదీసుకుని నడుస్తున్నారు. బొంగు సన్నమైతే బస్తా నేలకి రాసుకుంటుంది, మనుషులు బలహీనమైతే బొంగుతో సహా కూలబడతారు. కిటికీ పైన జరిగేదీ అంతే. కాకపోతే వాళ్ళు నడిచి గమ్యం చేరి బస్తా దింపుతారు. గోడకి ఆ సుఖం లేదు.

"వీర్రాజు గారూ," అన్నారు నాన్నగారు నవ్వుతూ, "మీరు కిటికీ పెడతన్నారా, గోదారి మీద వంతెన కడతన్నారా?"

అక్కడ మొదలైంది బేరం. పెరట్లో మామిడి దుంగ ఒకటి పడుంది, అది సరిపోదా? పొట్టి కర్రలు తీసేసి దుంగ చివర్లు నిట్రాళ్ళలోకే గాడి తొలిచి దూర్చేస్తే పోదా? వీర్రాజు గారు ఒక్కొక్కదానికీ అబ్బే అన్నారు, తల గోక్కున్నారు, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగారు. వీధిలోవాళ్ళు మా అరుగు మీద చేరి వినోదం చూశారు. చివరికి నాన్నగారు ఎవరూ ఊహించని మాట వేశారు.

"సరేనండీ. కిటికీ మీదున్న అటక ఖాళీగా ఉంచేత్తాను. అక్కడ ఒక్క కాయ పెట్టను. బరువే లేనప్పుడు అంత దుంగెందుకండీ?"

వీర్రాజు గారు ఆలోచించారు. "ఆయ్, బరువు లేకపోతే ఇబ్బంది లేదండి" అన్నారు. టేకు బదులు పెరట్లో మామిడి దుంగే ఖాయం చేసుకుని ఇద్దరూ సంతోషంగా లేచారు. నేను ఇన్నేళ్ళుగా లెక్కలేనన్ని బేరాలు చేశాను గానీ, దుంగ మందానికి బదులు మాటని తీసుకుని గోడలో పెట్టిన బేరం మళ్ళీ చూడలేదు.

అత్త మాత్రం నిచ్చెనెక్కి, అటక మీద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా కుట్టుపని నీలం సుద్దతో గీత గీసింది. "అన్నయ్యా, ఇది దాటి రాకూడదు మరి" అంది. "ఆయ్, చిత్తం" అన్నారు నాన్నగారు చేతులు కట్టుకుని. అందరం నవ్వాం.

ఆ కిటికీతో ఆ గది పుట్టినరోజు జరుపుకున్నట్టయింది. పొద్దున్నే అత్త రెండు రెక్కలూ బార్లా తోసేసరికి వీధంతా లోపలికి వచ్చేది. గాజులబ్బి కేక, సైకిలు గంటలు, కొబ్బరి పీచు నానబెట్టిన కాలవ వాసన, ఎదురింటి బజ్జీల నూనె. నేను కిటికీ కింద కూర్చుని రంగురంగుల పేలికలు పోగుచేసి, విరిగిన బొత్తాలతో గచ్చకాయలాడేదాన్ని. బేరం నేర్చుకున్నది కూడా అక్కడే. జాకెట్టుకి ఎక్కువ చెప్పావని ఎవరైనా గొణిగితే అత్త తల ఎత్తకుండానే, "మీ ఇష్టమండీ, బోర్డున్న టైలరు దగ్గరికెళ్ళండి, ఆయన బోర్డుకి కూడా మీ చేతే కట్టిస్తాడు" అనేది. వాళ్ళు నవ్వుతూ గుడ్డ ఇచ్చి పోయేవారు. డిసెంబరు వస్తే ఇక చెప్పక్కర్లేదు. మంచులో చర్చి మైకు పాటలు, అమ్మ పాకంలో తిప్పుతున్న అరిసెల పిండి వాసన, నూనెలో విచ్చుకునే గులాబీ పువ్వులు, కిటికీ అవతల పండగ గౌన్ల కోసం తెల్లటి గుడ్డలు పట్టుకుని ఆడపిల్లల వరస. ఆ నెలంతా అత్త ముఖంలో మస్కట్ కనిపించేది కాదు.

ఖాళీ చోటు చూస్తే కొట్టువాళ్ళ కళ్ళకి దురద పుడుతుంది. ఆ రోగం నాకూ ఉంది కాబట్టి చెబుతున్నాను. మా కొట్టులో దేవుడి పటం వెనక కూడా గరిటెలున్నాయి. మరుసటేడు కురిడీ ధర బాగుందని కబురొచ్చింది. ఏటిగట్టు వెంట తోటలన్నిటి కాయా నాన్నగారు కొనేశారు. మొదట గీత దాకా పేర్చారు. తర్వాత గీత మీద ఒక వరస. "అవే దొర్లి వచ్చేశాయిలే" అన్నారు. కాయల పీచు రాసుకుని నీలం సుద్ద ఎప్పుడు చెరిగిపోయిందో ఎవరూ చూడలేదు. వానలు పట్టేసరికి అటక నిండింది.

ముందు కిటికీ పై మూల నుంచి సున్నంలో వెంట్రుకంత బీట ఏటవాలుగా పాకింది. తర్వాత రెక్కలు పట్టేయడం మొదలైంది. అత్త అంచులకి కొవ్వొత్తి రాసింది, సబ్బు రాసింది.

"అన్నయ్యా, పైన బరువెక్కువైంది."

"వానలకి కర్ర ఉబ్బిందే సుగుణా. ఎండలొస్తే అదే సర్దుకుంటది."

ఎండలొచ్చాయి. కర్ర ఎండింది, కిటికీ వదల్లేదు. "ఈ కాయలు కూడా ఎండితే తేలికైపోతాయిలే" అన్నారప్పుడు. ఆయన అన్న ప్రతి మాటా విడివిడిగా నిజమే. వానకి కర్ర ఉబ్బుతుంది, ఎండితే కాయ తేలికవుతుంది. నిజాలతో అబద్ధం కట్టడం ఎలాగో నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

క్రిస్మస్ ముందు ఒక పొద్దున రెక్కలు తెరుచుకోలేదు. అత్త తోసింది, భుజంతో గుద్దింది. బయట ఆడపిల్లలు, "సుగుణక్కా, గౌను అయ్యిందా అండీ?" అని పిలుస్తున్నారు. వాళ్ళ గొంతులు మూసిన రెక్కల అవతల ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టున్నాయి. అత్త కొట్టులోకి వెళ్ళింది. గిరాకీ ముందు ఎప్పుడూ గొంతెత్తని మనిషి.

"కాయలు దింపించు అన్నయ్యా."

"ఇప్పుడు కదిపితే చెడిపోతాయే. ఎండేటప్పుడు కురిడీని కదపకూడదు, నీకు తెలుసు కదా."

"మరి నేను చెడిపోతే?"

కొట్టులో ఉన్నవాళ్ళంతా పప్పుల బస్తాల వైపు చూశారు. నాన్నగారు తక్కెడలో రాళ్ళు సర్దారు. మధ్యాహ్నానికి వీర్రాజు గారు వచ్చి, కుంగిన మామిడి దుంగ కింద, కిటికీకి సరిగ్గా నడిమధ్య ఒక తాటి నిట్రాడ నిలబెట్టి, కింద చెక్కలు దిగ్గొట్టి బిగించారు. ఒక రెక్క తెరుచుకుంది. రెండోదానికి మేకు కొట్టేశారు. "పండగెళ్ళేదాకానే" అన్నారు నాన్నగారు.

ఆ పండగ వెళ్ళింది, ఆ తర్వాతివీ వెళ్ళాయి. నిట్రాడ అడ్డమని మిషను గోడ వారకి జరిగింది. వెలుగు చేతుల మీద పడకుండా వీపు మీద పడేది. గుడ్డలు ఇవ్వాలంటే మనుషులు పక్కకి తిరిగి చెయ్యి దూర్చాలి. ఒక్కొక్కరే బోర్డున్న టైలరు దగ్గరికి వెళ్ళారు. అత్త మెల్లగా కొట్టులో పొట్లాలు కట్టడం మొదలుపెట్టింది. చాలా చక్కగా కట్టేది.

నేను పెళ్ళయి అమలాపురం వచ్చాక కాయంతా లారీల్లో పచ్చిగానే పోవడం మొదలైంది. ఊళ్ళో అటకలు ఖాళీ అయ్యాయి. నాన్నగారు జబ్బుపడి లేచాక, ఏమనుకున్నారో, వీర్రాజు గారి అబ్బాయిని పిలిపించి నిట్రాడ తీయించారు, మేకు పీకించారు. నేనక్కడే ఉన్నాను. పైన ఒక్క కాయ లేదు. అత్త రెండో రెక్క తోసింది. అది రాలేదు. అన్నేళ్ళు వంగిన దుంగ, బరువు దింపినా వంగే ఉంది. నాన్నగారు వచ్చి తను కూడా చెయ్యి వేసి తోశారు. ఇద్దరూ కాసేపు అలా పక్కపక్కన నిలబడి తోశారు. "పోన్లే అన్నయ్యా, ఆయాసపడతావు" అంది అత్త.

నాన్నగారు ఇప్పుడు లేరు. ఇల్లు కూడా లేదు, ఆ చోట సెల్‌ఫోన్ల షాపుంది. వీధిలో కర్ర ఇల్లు ఒక్కటీ మిగల్లేదు, కురిడీ గలగల విన్న పిల్లలూ లేరు. అత్త నా దగ్గరుంటోంది. ఈ మధ్య కొట్టు మీద గదులు వేయించినప్పుడు మేస్త్రీ, "మోసేదంతా సిమెంటు స్తంభాలేనమ్మా, కిటికీ ఎంత కావాలంటే అంత పెట్టుకోండి" అన్నాడు. గోడంత కిటికీ పెట్టమన్నాను. ధర చెబితే సరేనన్నాను. మేస్త్రీ భయపడి రెండోసారి చెప్పాడు.

గది పూర్తయ్యాక అత్తని తీసుకెళ్ళి చూపించాను. ఆవిడకిప్పుడు సూదిలో దారం ఎక్కదు, అయినా అద్దం రెక్క తీసి గాలి చూసింది. కిటికీలోంచి తల బయటికి పెట్టి పైకి చూసింది. శ్లాబు మీద స్తంభాల ఇనప ఊచలు ఆకాశంలోకి లేచి ఉన్నాయి, రేపటి అంతస్తు కోసం అందరూ వదిలేవే.

"పైన ఇంకా ఏమన్నా కడతావేంటే పాపా?"

పైన కోచింగు సెంటరుకి అద్దెకిద్దామని అప్పటికే ఒకాయనతో మాట్లాడి ఉన్నాను. అది వచ్చినా ఈ కిటికీకి ఏమీ కాదు, మేస్త్రీ చెప్పింది నిజమే. అద్దె సంగతి పక్కనబెట్టి ఆ మాటే చెప్పాను.

"ఏం కట్టినా ఈ గోడకి బరువు తగలదత్తా."

అత్త నా ముఖంలోకి చూసింది, కొత్త గిరాకీ తెచ్చిన గుడ్డని వెలుతురుకి పెట్టి చూసినట్టు. తర్వాత అద్దం మూసి, కొక్కెం పెట్టి, తెరిచి, మళ్ళీ పెట్టి చూసుకుంది.

"ఆయ్, అలాగేలే" అంది.